ఒబామా స్టిములస్ పనిచేసిందా, ‘గ్రౌండ్ జీరో మసీదు’లో న్యాయం ఎవరిది?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు: 2009 స్టిములస్ (మాంద్యం నుంచి గట్టెక్కడానికి ఒబామా ప్రభుత్వం తెచ్చిన ఖర్చుల ప్యాకేజీ) దండగేనా, 2010 న్యూయార్క్ మసీదు గొడవలో ఏ పార్టీది సబబు అని. ఈ రెంటిలోనూ పెద్దగా అబద్ధాలాడకుండానే ఇరుపక్షాలూ జనాన్ని తికమక పెట్టాయి. ఎవరు దేన్ని కొలిచి చూపిస్తున్నారో పట్టుకుంటే చాలావరకు తేలిపోతుంది.

ముందు ఉద్యోగాలు. 2009 జనవరిలో ఒబామా సలహాదారులు ఒక గ్రాఫ్ వేశారు. ప్యాకేజీ ఉంటే నిరుద్యోగం 8 శాతం దగ్గర ఆగుతుంది, లేకపోతే 9 దాకా పోతుంది అని. ఫిబ్రవరి 17న 78,700 కోట్ల డాలర్ల చట్టం మీద సంతకమైంది. అక్టోబరుకి నిరుద్యోగం 10 శాతం! రిపబ్లికన్లకి ఇంకేం కావాలి, ఆ గ్రాఫే ఆయుధం. కానీ అది గీసేనాటికి 2008 ఆఖరి మూడు నెలల పతనం లోతెంతో లెక్క రాలేదు. ఆ జనవరి నెలాఖర్న వచ్చిన మొదటి లెక్కలో జీడీపీ వార్షిక రేటున 3.8 శాతం తగ్గిందన్నారు. తర్వాతి సవరణల్లో అది 8 శాతం దాటింది. జ్వరం 101 అనుకుని డోసు రాశారు, ఉన్నది 104. అంచనా తప్పిన మాట నిజం. మందు పనిచేయలేదనడానికి మాత్రం అది రుజువు కాదు.

డెమోక్రాట్లు చూపించేది మాంద్యం 2009 జూన్‌లోనే ముగిసిందన్న ప్రకటన. అదీ నిజమే. కాకపోతే ‘ముగిసింది’ అంటే పడిపోవడం ఆగిందని అర్థం, పోయిన ఉద్యోగాలు తిరిగొచ్చాయని కాదు. పాత స్థాయి అందుకునేసరికి 2014 వచ్చింది.

2010 మే నెల ఉద్యోగాల రిపోర్టు చూడండి. కొత్త ఉద్యోగాలు 4.31 లక్షలు. వినడానికి బ్రహ్మాండం. అందులో 4.11 లక్షలు జనాభా లెక్కల కోసం తీసుకున్న తాత్కాలిక కొలువులు, ప్రైవేటువి 41 వేలే. (కూడితే ఎక్కువొస్తోందేమిటంటారా, మిగతా ప్రభుత్వ కొలువులు తగ్గాయి.) అందుకే సాధారణంగా నెల మొదటి శుక్రవారం వచ్చే ఆ రిపోర్టులో హెడ్‌లైన్ వదిలేసి ప్రైవేటు వరస, గత రెండు నెలల సవరణలు చూడాలి. నిరుద్యోగ శాతం వేరే సర్వేది, కుటుంబాలని అడిగేది. విసిగిపోయి ఉద్యోగం వెతకడం మానేసినవాళ్లు అందులోకి రారు. ఒక్క కొలువు పెరక్కుండానే ఆ శాతం తగ్గొచ్చు.

ఇక మసీదు. అది గ్రౌండ్ జీరో (2001 సెప్టెంబరు 11 దాడుల్లో జంట టవర్లు కూలిన చోటు) మీద కాదు, రెండు బ్లాకుల అవతల పార్క్ ప్లేస్‌లో, ఒకప్పటి బట్టల దుకాణం భవనం స్థలంలో. ఈత కొలను, ఆడిటోరియం, ప్రార్థనా మందిరం కలిపి 13 అంతస్తుల ప్లాన్. స్థానిక బోర్డు 29-1 ఓట్లతో సరేనంది. ఆ పాత భవనానికి చారిత్రక హోదా ఇస్తే కూల్చడం కష్టమయ్యేది. ఆగస్టులో నగర చారిత్రక కట్టడాల కమిషన్ 9-0తో ఆ హోదా ఇవ్వం అంది, దాంతో ఆ అడ్డూ తొలగింది. ఇక్కడ పార్టీ కళ్లద్దాలు పనికిరావు. రిపబ్లికన్ టికెట్ మీద గెలిచిన మేయర్ బ్లూమ్‌బర్గ్ మసీదు పక్షాన నిలబడ్డాడు. నెవాడాలో సెనేట్ ఎన్నికల గట్టి పోటీలో ఉన్న డెమోక్రాట్ నాయకుడు హ్యారీ రీడ్ వేరేచోట కట్టుకోమన్నాడు. ఒబామా ఇఫ్తార్ విందులో హక్కు ఉందన్నాడు, మర్నాడు ‘అక్కడ కట్టడం మంచిదా అన్నది నేను చెప్పడం లేదు’ అన్నాడు. హక్కుందా అన్నది ఒక ప్రశ్న, బాగుంటుందా అన్నది ఇంకోటి. టీవీ చర్చలు ఈ రెంటినీ కలిపేశాయి.

ఆ హక్కుకి రాజ్యాంగ మొదటి సవరణతో పాటు 2000 నాటి ఆర్‌ఎల్‌యూఐపీఏ చట్టం ఉంది. జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే స్థానిక నిబంధనలు) పేరుతో ప్రార్థనా స్థలాల మీద తగిన కారణం లేకుండా పెద్ద భారం మోపకూడదంటుంది ఇది. సెనేటర్లు హ్యాచ్ రిపబ్లికన్, కెనడీ డెమోక్రాట్, ఇద్దరూ కలిసి తెచ్చారు. అమెరికాలో మన గుడి కమిటీలకి అక్కరకొచ్చేది ఇదే. శివారు ఊళ్లలో అభ్యంతరం మతం పేరుతో రాదు. పార్కింగ్, ట్రాఫిక్, చప్పుడు అంటూ వస్తుంది. అదే జోన్‌లో క్లబ్బులకి, ఫంక్షన్ హాళ్లకి ఏ షరతులతో అనుమతిచ్చారో రికార్డు తీయించండి, తిరస్కరణకి కారణాలు రాతపూర్వకంగా అడగండి. చాలామంది చేసే తప్పు, జోనింగ్ చూడకుండా స్థలం కొనేయడం. తెలిసే కొన్నారుగా, ఇక భారం ఎక్కడిదని కొన్ని కోర్టులు కొట్టేస్తాయి.