కుంగ్‌ఫూ నేర్పింది బోధిధర్ముడేనా? షావొలిన్‌కీ తైచీకీ తేడా ఏమిటి?

నేను ఎంబీబీఎస్ చదివింది చైనాలో, హెనాన్ ప్రావిన్స్‌లోని జెంగ్‌జౌలో. కుంగ్‌ఫూకి పేరుపడ్డ షావొలిన్ బౌద్ధ మఠం, నెమ్మదిగా కదుల్తూ సాధన చేసే తైచీ అనే యుద్ధవిద్య పుట్టిన ఊరు రెండూ ఆ ప్రావిన్స్‌లోనే ఉన్నాయి. అక్కడ చూసిందీ, చదివిందీ కలిపి చెప్తాను.

మన దేశం నుంచి చైనా వెళ్లిన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడే షావొలిన్‌లో కుంగ్‌ఫూ నేర్పాడంటారు కదా, ఆ సంగతి ముందు. షావొలిన్ మఠాన్ని 495లో కట్టించింది బాతువో అనే మరో భారతీయ భిక్షువు కోసం. బోధిధర్ముడే కసరత్తులు నేర్పాడని చెప్పే యీజిన్ జింగ్ అనే గ్రంథం 1624 నాటిది. అంటే ఆయన పోయిన వెయ్యేళ్ల తర్వాతది. ఆయన మన దక్షిణాదివాడని డబ్బింగ్ సినిమా చూసి మురిసిపోయిన మా రూమ్మేట్‌కి ఇది అస్సలు మింగుడుపడలేదు. నాకైతే అసలు చరిత్రే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది.

ఆ మఠంలో 728లో చెక్కిన శాసనం ఒకటి ఉంది. 621లో సింహాసనం కోసం పోటీపడిన వాంగ్ షిచోంగ్ అనే సేనాని మీద జరిగిన యుద్ధంలో ఇక్కడి సన్యాసులు లీ షిమిన్ పక్షాన నిలిచారని, 13 మంది పేర్లతో సహా అందులో ఉంది. ఆ లీ షిమినే తర్వాత తాంగ్ వంశపు చక్రవర్తి అయ్యాడు. సన్యాసులకి యుద్ధమేంటి అంటారా? మఠానికి పొలాలుండేవి, చుట్టూ దొంగల బెడద, కాపాడుకోక తప్పదు. వాళ్లకి పేరు తెచ్చింది కూడా పిడిగుద్దులు కాదు, కర్రసాము. 1550లలో తీరప్రాంతాన్ని దోచుకుంటున్న సముద్రపు దొంగల మీదికి వాళ్లు ఇనప కర్రలతోనే వెళ్లారు. ఒట్టి చేతుల పోరు అక్కడ బాగా పెరిగింది ఆ తర్వాతే.

తైచీకి మఠంతో పనిలేదు. అది వెన్ జిల్లాలోని చెన్‌జియాగౌ అనే ఊళ్లో చెన్ కుటుంబం విద్య. 17వ శతాబ్దపు చెన్ వాంగ్‌టింగ్‌ని మూలపురుషుడిగా చెప్పుకుంటారు. 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ అనే బయటివాడు అక్కడ నేర్చుకుని బీజింగ్‌లో నేర్పాడు. ఆ యాంగ్ పద్ధతిని కుదించి 1956లో ప్రభుత్వం 24 భంగిమల వరుస తయారుచేసింది. పార్కుల్లో పెద్దవాళ్లు చేసేది ఎక్కువగా అదే. మా పీటీ సార్ నేర్పిందీ అదే. ముసలాళ్ల వ్యాయామమని వెనక వరుసలో నవ్వుకుంటుంటే ఆయన నన్ను ముందుకి పిలిచి, గుర్రం జూలు విడదీసినట్టు ఉండే భంగిమని ఈసారి వేగంగా చేశారు. ఆయన కాలు నా కాలి వెనక, ముంజేయి నా ఛాతీకి అడ్డంగా. వెల్లకిలా పడ్డాను.

ఇక వింగ్ చున్ అనే మరో కుంగ్‌ఫూ పద్ధతి దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌ది. అక్కడి ఫోషాన్ నుంచి హాంకాంగ్ చేరిన ఇప్ మాన్ అనే గురువు దగ్గరే బ్రూస్ లీ నేర్చుకున్నాడు. "దక్షిణాన చేతులు, ఉత్తరాన కాళ్లు" అని అక్కడ ఒక మాట ఉంది కానీ, దాన్ని పూర్తిగా నమ్మకండి. ఉత్తరాన హెబే ప్రావిన్స్‌లోని చాంగ్‌జౌ ప్రాంతపు బాజీచువాన్ అనే పద్ధతి చూడండి, దానికి పేరు తెచ్చింది మోచేతి దెబ్బలే.

మీరు మన దేశంలోనే నేర్చుకోవాలనుకుంటే, ఆ మాస్టారు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, జంటగా సాధన చేయిస్తారో లేదో ముందే అడిగి చేరండి.