కువైట్‌లో 'మాకు' అంటే లేదని అర్థం

చిట్టీ,

నువ్వు కువైట్ వెళ్తున్నావన్న కబురు నువ్వూ చెప్పలేదు, మీ నాన్నా చెప్పలేదు. రాజోలు సంతలో ఎవరో చెబితే తెలిసింది. చాలా కోపం వచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టక పడుకుంటే మాత్రం కోపం పోయి గర్వం మిగిలింది. అప్పు ఎవరో తీరుస్తారని చూడకుండా నువ్వే నడుం కట్టావు. మా అమ్మ కూడా అలాంటిదే.

పాస్‌పోర్టు ఏజెంటుకి రసీదు లేకుండా ఇచ్చావట. అదేం పనే? రేపే వెళ్లి రసీదు రాయించుకో. జిరాక్స్ కాపీ ఒకటి మీ నాన్న దగ్గర, ఒకటి నా దగ్గర ఉంచు. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో, అదే విదేశాలకి పనికి వెళ్లేవాళ్ల కోసం మన ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైటులో, ఉందో లేదో మీ తమ్ముణ్ణి చూడమను. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే ఆ మనిషితో ఇంకో మాట మాట్లాడకు. మందులు చీటీతో సహా పట్టుకెళ్లు. ఇవి నీకు తెలిసినవే.

నేనూ కువైట్‌లో ఇంటిపని చేసొచ్చినదాన్నే కదా. ఇంత ఉత్తరం రాస్తున్నది అక్కడి మాటల గురించి. పూర్తిగా తెలియని మాట వినపడితే మనం ఆగి అడుగుతాం. తెలిసిన మాటలా వినపడితే అడగం. అక్కడి మాటలు కొన్ని అచ్చం మన మాటల్లాగే ఉంటాయి. నా భయమంతా వాటి గురించే.

మేడం 'ఇంటి వేన్' అని పిలుస్తుంది. ఇంటి అంటే అక్కడ 'నువ్వు', ఆడమనిషిని అనే నువ్వు. ఎక్కడున్నావ్ అని అడుగుతోందన్న మాట. కొత్తగా వెళ్లినదానికి అందులో మన ఇల్లే వినపడుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. 'తఆలీ' అంటే ఇలా రా అని. వాళ్లు గబగబా అంటే తాళి అన్నట్టే ఉంటుంది. కొత్త పిల్లలు మెడ తడుముకోవడం నేను చూశాను. ఇంటి యజమానురాలిని 'మామా' అని పిలవాలి, ఆయన్ని 'బాబా' అని. ఆడమనిషిని మామా అనడానికి నాకు చాలా రోజులు నోరు రాలేదు. మా వంటగదిలో శ్రీలంక నుంచి వచ్చిన ఆవిడ ఉండేది. ఆవిడ భాషలో 'మమ' అంటే 'నేను'. ఆవిడ తన సంగతి చెప్పుకుంటుంటే మేడం గురించి చెబుతోందేమో అనుకునేదాన్ని. ఆ మమ మనకి కొత్తదేం కాదు. పూజలో అయ్యగారు మనతో అనిపించే 'మమ'కి చుట్టమే. అరబ్బు ఇంట్లో మామాకి, మన మేనమామకి మాత్రం ఏ చుట్టరికమూ లేదు.

'మాకు' సంగతి జాగ్రత్తగా విను. కువైట్ వాళ్లు 'అకు' అంటే ఉంది, 'మాకు' అంటే లేదు. 'ఖుబుజ్ మాకు' అన్నారంటే రొట్టె లేదని. నీ చెవికి మాత్రం రొట్టె మాకు పెట్టు అన్నట్టు వినపడుతుంది. అరబ్బీలో మా అంటే లేదు, కాదు అని చెప్పే మాట. మన మా అంటే మా ఇల్లు, మా ఊరు, మా చేను. సంస్కృతంలో మళ్లీ మా అంటే వద్దు. లక్ష్మీదేవిని కూడా మా అంటారు, అందుకే మాధవుడికి ఆ పేరు. హిందీవాళ్లకి మా అంటే అమ్మ, అది మాత నుంచి వచ్చింది. మద్రాసు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి మామిడిచెట్టుని మామరం అనేది. మన మావిచిగురులో ఉన్నదీ ఆ మామిడే. సంస్కృతం మా, అరబ్బీ మా రెండూ కాదు, వద్దు అంటున్నాయి కదా, ఒకటేనేమో అని నేనూ అనుకున్నాను. కాదట. వేరే వేరే భాషా కుటుంబాల్లో పుట్టి అర్థం మాత్రం దగ్గరకొచ్చింది. ఇవన్నీ మాతో పనిచేసిన బందరు ఆవిడ చెప్పింది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన మనిషి, అరబ్బీ చదవడం కూడా వచ్చు.

ఇప్పుడు మాఫీ. నువ్వు ఇది రెండుసార్లు చదవాలి.

పనివాళ్లతో మాట్లాడేటప్పుడు అక్కడ మాకు కంటే 'మాఫీ' ఎక్కువ వాడతారు. ఫీ అంటే ఉంది, మాఫీ అంటే లేదు. అంతే.

1996 నవంబరు 6 తుఫానుకి కొబ్బరితోటలు నేలమట్టం అయ్యాక మన గోదావరి లంకల నుంచి చాలామంది ఆడవాళ్లం బయల్దేరాం. నాతో వచ్చిన వాళ్లలో ఒక పిల్ల మా పక్కింట్లోనే పనికి కుదిరింది. పేరు రాయను. ఏజెంటుకి కట్టడానికి ఊళ్లో వడ్డీకి తెచ్చింది. విమానం టిక్కెట్టు డబ్బు జీతంలో పట్టుకుంటామని ఆ ఇంటివాళ్లు కూడా అన్నారు. నెలాఖరున జీతం అడిగితే మేడం 'ఫ్లూస్ మాఫీ' అంది. ఫ్లూస్ అంటే డబ్బు అని పిల్లకి అప్పటికే తెలుసు. మాఫీ అయితే చిన్నప్పటి నుంచీ తెలుసు. 1990లో వాళ్ల నాన్న సొసైటీ అప్పు మాఫీ అయింది, పదివేల లోపు అప్పులు కొట్టేసినప్పుడు. ఇంట్లో పాయసం వండుకున్నారట ఆ రోజు. ఇంకేం అనుకుంటుంది? టిక్కెట్టు డబ్బు వదిలేశారు, ఎంత మంచి మనుషులో అనుకుని మేడం చేతులు కళ్లకద్దుకుంది.

రెండో నెలా అదే మాట, మూడో నెలా అదే మాట. అడిగిన ప్రతిసారీ ఇంకొంచెం అప్పు కొట్టేస్తున్నారనుకుంది. జీతం అంతా కలిపి ఒకేసారి ఇస్తారనుకుంది. ఇంటికి ఉత్తరం రాసింది, అప్పు మాఫీ అయింది అమ్మా అని. ఏ అప్పో రాయలేదు. వాళ్లమ్మ ఆ ఉత్తరం పట్టుకుని ఊళ్లో వడ్డీవ్యాపారికి కట్టడం మానేసింది, మా అమ్మాయి అక్కడే తీర్చేసిందని. ఇక్కడ వడ్డీ మీద వడ్డీ పెరిగింది. చివరికి కాలవ గట్టు పక్కన, తుఫానుకి కూడా నిలబడ్డ చెట్లున్న పది సెంట్లు చేయి దాటిపోయాయి.

ఆ పిల్లకి నిజం చెప్పింది ఒక మలయాళీ డ్రైవరు. మాఫీ అంటే లేదమ్మా, నీకు జీతం ఇవ్వలేదు అని. వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది. ఎంబసీ దాకా వెళితే రావలసిన దాంట్లో కొంత చేతికొచ్చింది, కొంత రాలేదు. ఊళ్లో అందరూ తెలివితక్కువది అన్నారు. నాకు ఇప్పటికీ ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఆ పిల్ల విన్నది తప్పు కాదు, తెలిసిన మాటనే నమ్మింది.

మన మాఫీ కూడా అరబ్బీ నుంచి వచ్చిందేనని బందరు ఆవిడ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. క్షమించడం, వదిలిపెట్టడం అనే అర్థం ఉన్న వేరే మూలం నుంచి పుట్టిందట. పారసీ, ఉర్దూల మీదుగా రెవెన్యూ కచేరీల్లోకి వచ్చి, అక్కడి నుంచి మన రుణమాఫీ దాకా వచ్చింది. కువైట్ వాళ్లు అనేది ఇది కాదు. వాళ్లది మా, ఫీ అని రెండు ముక్కలు. చూశావా, రెండూ ఒకే భాషలో పుట్టాయి. ఒకటి చాలా దూరం తిరిగి మన ఊరొచ్చింది, ఇంకొకటి అక్కడే ఉంది. అప్పు వదిలేయడం, డబ్బు లేదనడం ఒకే చప్పుడుతో వినపడతాయని ఎవరికి తోస్తుంది?

మనం రోజూ అనే రైతు, హక్కు, అసలు, జవాబు, తారీకు అన్నీ అక్కడివేనట. రైతు అన్న మాట విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మా నాన్న జీవితమంతా మోసిన మాట అంత దూరం నుంచి వచ్చిందా అని. శుక్రవారం సాయంత్రాలు మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆవిడ ఇలా ఒక్కో మాటా చెబుతుంటే, ఆ కాసేపు నేను పనిమనిషినన్న సంగతి మర్చిపోయేదాన్ని. నీకూ అలాంటి మనిషి ఒకరు దొరకాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

అయినా మనిషి దొరికేదాకా ఆగకు. వెళ్లేలోపు కొన్ని మాటలు కంఠతా పట్టు. మఆష్ అంటే జీతం. మన మాసం అనుకోకు. చమ్ అంటే ఎంత. బాచిర్ అంటే రేపు. జవాజ్ అంటే పాస్‌పోర్టు. సఫారా అంటే ఎంబసీ. ఒక చిన్న నోటుబుక్కులో తెలుగులో రాసుకో, ఫోను పోయినా అది ఉంటుంది. డబ్బు మాట వచ్చినప్పుడు మాత్రం విన్నదాన్ని నమ్మి తల ఊపకు. వేళ్లు చూపించి అడుగు, కాగితం మీద అంకె వేయించు. ఎంత, ఏ తారీకున అని. వాళ్లకి విసుగొస్తే రానీ.

ఇంకొకటి. అక్కడ 2015లో ఇంటిపనివాళ్ల కోసం చట్టం తెచ్చారు. రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. మేం వెళ్లినప్పుడు ఇవేమీ లేవు. ఈ సంగతి నీకు తెలుసని వాళ్లకి తెలిసేలా ఉండు, గొడవ పడకుండానే.

బుజ్జిగాడి గురించి బెంగపెట్టుకోకు. వాడిని నా దగ్గర వదులు, మా వీధి చివరే బడి. మీ అమ్మకి మోకాళ్ల నొప్పులు, వాడి వెనక పరిగెత్తలేదు. నువ్వు ఫోను చేసినప్పుడల్లా వాడితో అరబ్బీ మాటొకటి చెప్పించుకుంటాను, తల్లి ఏం నేర్చుకుంటోందో వాడికీ తెలియాలి.

ఈ ఆదివారం వాడిని తీసుకుని రా. పొద్దున్నే రా, ఎండెక్కకముందే. కాంట్రాక్టు కాగితం మర్చిపోకు. అరబ్బీలో ఉన్న పేజీ కూడా కావాలి నాకు. జీతం అంకె రెండు వైపులా ఒకటే ఉందో లేదో చూశాకే నువ్వు సంతకం పెట్టేది.

మీ అత్త