మూడేళ్ల ప్లాన్ చవకగా ఇస్తామంటున్నారు... ఆ ఓటీటీ మూడేళ్లు ఉంటుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని, మావారిది ప్రైవేటు ఉద్యోగం. అత్తమామలు, ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం. ఇంట్లో ఏడు ఓటీటీలున్నాయి. నెట్‌ఫ్లిక్స్‌కి నెలకు 499 రూపాయలు, అమెజాన్ ప్రైమ్‌కి ఏడాదికి 1,499, జియోహాట్‌స్టార్‌కి ఏడాదికి 1,499 కట్టాం. జీ5, సోనీలివ్, ఆహా, ఈటీవీ విన్ కలిపి ఏడాదికి ఇంకో 3,400. అత్తమామలు ఈటీవీ సీరియళ్లు చూస్తారు. అబ్బాయికి క్రికెట్, అమ్మాయికి కొరియన్ సిరీస్‌లు, మాకు ఆదివారం ఒక సినిమా. ప్రైమ్ మీద సరుకులు కూడా తెప్పించుకుంటాం. ఇప్పుడు ఒక చిన్న ఓటీటీ వాళ్లు నెలకు 99, ఏడాదికి 900, మూడేళ్లకైతే 1,800 చాలంటున్నారు. మావారు మూడేళ్లకూ కట్టేద్దామంటున్నారు. డిగ్రీ చదివే మా అబ్బాయేమో ‘వీటిలో రెండు మూడు తప్ప ఏవీ మిగలవు’ అంటున్నాడు. ఇన్ని ఓటీటీలు నిజంగా నిలబడతాయా? ఇంకో సంగతి. ఇంతమంది చూస్తున్నారు కదా, ఈ కంపెనీల షేర్లలో 50,000 పెడితే ఎలా ఉంటుంది?

జవాబు: టీచర్ గారూ, మూడేళ్ల ప్లాన్ కట్టకండి. మీ అబ్బాయి చెప్పింది కొంచెం ఎక్కువే అయినా, అసలు విషయం మాత్రం సరిగ్గానే పట్టుకున్నాడు.

చందా ముందుగా కట్టడమంటే ఆ కంపెనీకి మీరు అప్పివ్వడమే. మీరు 1,800 చేతిలో పెడితే, వాళ్లు దాన్ని సినిమాల రూపంలో నెలనెలా తీరుస్తారు. ఈ అప్పుకు నోటు లేదు, తాకట్టు లేదు. బ్యాంకులో వేసిన డిపాజిట్‌కైతే 5 లక్షల వరకు బీమా ఉంటుంది. దీనికి అదీ లేదు. కంపెనీ మూతపడితే ముందు బ్యాంకుల బాకీలు, ఉద్యోగుల జీతాలు చూస్తారు. మిగిలిన వెయ్యి రూపాయల కోసం ఖమ్మం నుంచి ఎవరి చుట్టూ తిరుగుతారు? అందుకే ఎవరికైనా చేబదులు ఇచ్చేముందు ఏం అడుగుతామో ఇక్కడా అదే అడగాలి. ఈ మనిషికి రాబడి ఎక్కడిది, తీర్చేదాకా ఊళ్లో ఉంటాడా?

వెనక పెద్దవాళ్లున్నారన్న ధైర్యం కూడా పనికిరాదని హూక్ విషయంలో చూశాం. సింగ్‌టెల్, సోనీ, వార్నర్ బ్రదర్స్ కలిసి 2015లో పెట్టిన ఓటీటీ అది. మన దేశంలోనూ నడిచింది. 2020 మార్చిలో లిక్విడేషన్‌కు (ఉన్న ఆస్తులు అమ్మి బాకీలు తీర్చి కంపెనీని మూసేయడానికి) వెళ్లి, ఏప్రిల్ 30న సేవలు ఆపేసింది. అమెరికాలో క్విబీ అని ఇంకోటి, 175 కోట్ల డాలర్ల పెట్టుబడితో 2020 ఏప్రిల్‌లో మొదలైంది. అదే ఏడాది డిసెంబర్ 1న మూసేశారు.

మన దగ్గర ఇలా ఒక్కసారిగా మూతపడటం తక్కువ. ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడమే ఎక్కువ. వూట్ 2023లో జియోసినిమాలో కలిసింది. ఆ జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ రెండూ కలిసి 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఎంఎక్స్ ప్లేయర్‌ని అమెజాన్ తీసుకుని, 2024 అక్టోబర్‌లో తన మినీటీవీతో కలిపేసింది. మీ అబ్బాయి లెక్కపెడుతున్నది ఈ కలయికలనే అనుకుంటాను.

ఇలా ఎందుకవుతోందో ఒక్క క్రికెట్ లెక్క చూస్తే చాలు. 2023 నుంచి 2027 వరకు మన దేశంలో ఐపీఎల్‌ని ఆన్‌లైన్‌లో చూపించే హక్కులకు జియోసినిమాను నడిపిన వయాకామ్18 కంపెనీ ఇచ్చింది 23,758 కోట్లు. ఐదేళ్లకు 410 మ్యాచ్‌ల లెక్కన ఒక్కో మ్యాచ్‌కు దాదాపు 58 కోట్లు. నెలకు 149 రూపాయలు కట్టేవాళ్లే ఉన్నారనుకుంటే, 39 లక్షల మంది ఒక నెల కట్టిన డబ్బంతా ఒక్క సాయంత్రం మ్యాచ్ హక్కులకే సరిపోతుంది. కెమెరాలు, కామెంటరీ, సర్వర్ల ఖర్చు ఇంకా వేరే. సినిమాలదీ ఇదే కథ. లక్ష మంది చూసినా కోటి మంది చూసినా కొన్న ధర ఒకటే. చూసేవాళ్లు ఎక్కువున్నవాడికి తలా కాస్త పడుతుంది, తక్కువున్నవాడికి మోయలేని బరువవుతుంది.

పోనీ చందా పెంచుదామా అంటే మన దేశంలో అది అంత తేలిక కాదు. ప్రపంచంలోనే పెద్దదైన నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబర్‌లో ఇక్కడ ధరలు తగ్గించుకోవాల్సి వచ్చింది. 499 ఉన్న బేసిక్ ప్లాన్‌ను ఏకంగా 199కి, 199 ఉన్న మొబైల్ ప్లాన్‌ను 149కి దించింది. కేబుల్ టీవీకి నెలకు మూడొందలు కట్టి అన్ని చానళ్లూ చూసిన ఇళ్లు మనవి. ఒక్కో యాప్‌కీ విడిగా అంతంత కట్టమంటే మనసొప్పదు, అందులో తప్పేమీ లేదు.

కాబట్టి చందా ఒక్కటే నమ్ముకోకుండా ఇంకో జేబు ఉన్నవాళ్లే ఎక్కువకాలం ఉంటారని నా అంచనా. అమెజాన్‌కి సరుకుల వ్యాపారం ఉంది. జియోహాట్‌స్టార్ వెనక రీచార్జ్‌లు, ప్రకటనలు, టీవీ చానళ్లు ఉన్నాయి. జీ, సోనీ, ఈటీవీ వాళ్లు టీవీ కోసం ఎలాగూ తీసే సీరియళ్లనే యాప్‌లోనూ పెడతారు కనుక వాళ్లకు అదనపు ఖర్చు తక్కువ. నెట్‌ఫ్లిక్స్‌కి అలాంటి వేరే వ్యాపారం లేకపోయినా, 2024 చివరికే ప్రపంచం మొత్తం మీద 30 కోట్లకు పైగా చందాదారులున్నారు. ఒక సిరీస్ ఖర్చు అంతమంది మీద పంచుకోగలదు.

ఇక మిగిలింది మన భాషనే నమ్ముకున్నవాళ్లు. 2020 ఉగాదికి ఆహా వచ్చినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. పెద్ద ఓటీటీలు పట్టించుకోని చిన్న తెలుగు సినిమాకు, కొత్త దర్శకుడికి తలుపు తెరిచే చోటు ఒకటి ఉండాలి. అలాంటివి నిలబడాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. కానీ అందుకు ఒక్కొక్కరం విడిగా కట్టే చందా సరిపోతుందని అనుకోను. ఫైబర్ నెట్ ప్లాన్లలో, మొబైల్ రీచార్జ్‌లలో పది ఓటీటీలను కలిపి ఇస్తున్నారే, చిన్నవాటికి బతుకుదెరువు అక్కడే ఎక్కువ. తెలుగు ఓటీటీకి అండగా ఉండాలనిపిస్తే నెలనెలా కట్టండి, బాగుంటే కొనసాగించండి. మూడేళ్ల డబ్బు ఒకేసారి ఇవ్వడం వేరే సంగతి.

మీవారు అనొచ్చు, ‘ఈ కంపెనీ మూతపడదు, నాకు నమ్మకముంది’ అని. సరే, మూతపడలేదనే అనుకుందాం. మీరు దేనికోసం డబ్బు కట్టారో అది అందులో ఉంటుందన్న హామీ ఏది? 2023 జనవరిలో క్రికెట్ కోసం, అమెరికా చానల్ హెచ్‌బీఓ సిరీస్‌ల కోసం హాట్‌స్టార్‌కి ఏడాది చందా కట్టినవాళ్ల సంగతి చూడండి. ఆ మార్చి 31తో హెచ్‌బీఓ వెళ్లిపోయింది. అదే రోజు మొదలైన ఐపీఎల్ జియోసినిమాలో ఉచితంగా వచ్చింది. యాప్ ఉంది, చందా నడుస్తోంది, చూడాలనుకున్నవి మాత్రం లేవు. 2022 అక్టోబర్‌లో 6.13 కోట్లున్న హాట్‌స్టార్ చందాదారులు 2023 జూలై మొదటికి 4.04 కోట్లకు పడిపోయారు. మన సినిమాలూ అంతే. ‘పుష్ప’ మొదటి భాగం ప్రైమ్ వీడియోలో వచ్చింది, రెండో భాగం నెట్‌ఫ్లిక్స్‌లో. ‘ఆర్ఆర్ఆర్’ తెలుగులో జీ5కి వెళ్తే, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్లింది. సినిమా ఎటు పోతే మనం అటు వెళ్లగలిగేలా ఉండాలి తప్ప, ఒకచోట మూడేళ్లు కట్టుబడిపోకూడదు.

షరతులు కూడా మధ్యలో మారతాయి. ప్రైమ్ వార్షిక చందా మొదట్లో 499, తర్వాత 999, 2021 డిసెంబర్ నుంచి 1,499. 2025 జూన్ నుంచి అందులో ప్రకటనలు వస్తున్నాయి. అవి వద్దనుకుంటే ఏడాదికి ఇంకో 699 కట్టమన్నారు. నెలనెలా కట్టేవాడికి ఇలాంటివి నచ్చకపోతే ఆ నెలే మానేయొచ్చు. మూడేళ్లకు కట్టేసినవాడు భరించాల్సిందే.

ఇప్పుడు మీ 1,800 లెక్కకు వద్దాం. ఏడాదికి 900 చొప్పున మూడేళ్లకు 2,700 అవుతుంది కదా, 900 మిగిలినట్టే అని మీవారు చూస్తున్నారు. ఆ ఓటీటీని ఏడాది పొడవునా చూస్తే ఆ లెక్క నిజమే. ఇప్పటికే ఏడు ఉన్న ఇంట్లో ఎనిమిదోదాన్ని ఏడాదికి ఎన్ని నెలలు తెరుస్తారు? నాలుగు నెలలనుకుందాం. నెలకు 99 చొప్పున ఏడాదికి 396, మూడేళ్లకు 1,188. అంటే ‘ఖరీదైన’ నెలవారీ ప్లానే 612 రూపాయలు తక్కువ పడుతోంది. పైగా మధ్యలో అది మూతపడినా, వేరేదాంట్లో కలిసినా, మీకు పోయేది మహా అయితే 99. కొన్నాళ్లు ఇలా నడిపి, నిజంగానే నెలనెలా కడుతున్నామని తేలితే అప్పుడు ఏడాది ప్లాన్ గురించి ఆలోచించొచ్చు. ఏడాదికి మించి మాత్రం ఏ ఓటీటీకీ, అది ఎంత పెద్దదైనా, ముందుగా కట్టొద్దు.

మీ ఇంటి మొత్తం లెక్క కూడా వేశాను. నెట్‌ఫ్లిక్స్ ఒక్కటే ఏడాదికి 5,988. ప్రైమ్, జియోహాట్‌స్టార్ 2,998. మిగతా నాలుగూ 3,400. అంతా కలిపితే 12,386, అంటే నెలకు వెయ్యి దాటుతోంది. ఆరుగురున్న ఇంటికి ఇది ఘోరమైన ఖర్చేమీ కాదు. ఈ డబ్బుతో మీ ఆరుగురూ ఎన్నిసార్లు థియేటర్‌కి వెళ్లగలరో నాకంటే మీకే బాగా తెలుసు. నా అభ్యంతరం చూడని నెలలకు కట్టే డబ్బు గురించే.

నెలకు 500, ఏడాదికి 6,000 అని ఒక హద్దు పెట్టుకోండి. ప్రైమ్ సరుకులకూ పనికొస్తోంది, ఉండనివ్వండి. నెట్‌ఫ్లిక్స్ దసరా నెల, సంక్రాంతి నెల, వేసవిలో రెండు నెలలు మాత్రం తీసుకోండి. మీకూ పిల్లలకూ సెలవులు అప్పుడే. నాలుగు నెలలకు 1,996. ఈ రెండూ పోను 2,505 మిగులుతాయి. అందులోనే అత్తమామల ఈటీవీ విన్, క్రికెట్ నెలల్లో జియోహాట్‌స్టార్, ఏదైనా మంచి సినిమా వచ్చిన నెలలో ఆహా, జీ5, సోనీలివ్‌లలో ఒకటి. ఇప్పటికే ఏడాదికి కట్టేసినవి గడువు దాకా వాడుకోండి, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి రాదు. వాటిని పొడిగించే ముందు మీ ఫైబర్ నెట్ ప్లాన్‌లో, మీవారి ఫోన్ రీచార్జ్‌లో ఏయే ఓటీటీలు కలిసి వస్తున్నాయో ఒకసారి చూసుకోండి. నా దగ్గరకు వచ్చేవాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లలో రీచార్జ్‌తో ఉచితంగా వచ్చిన ఓటీటీకే మళ్లీ విడిగా డబ్బు కట్టడం ఎన్నిసార్లు చూశానో.

ఇలా చేస్తే ఏడాదికి 6,386 మిగులుతుంది. అందులో నెలకు 500 పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లకు సుమారు 35,700 చేతికొస్తుంది.

ఈ పద్ధతి నడవాలంటే ఆటోపే, అంటే గడువు రాగానే చందా డబ్బు దానంతటదే పోయే ఏర్పాటు, మీ చేతిలో ఉండాలి. ఫోన్లోంచి యాప్ తీసేస్తే చందా ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆగదు, డబ్బు పోతూనే ఉంటుంది. యూపీఐ ద్వారా కడుతుంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్లి ఏవేవి నడుస్తున్నాయో చూసి, అక్కర్లేనివి రద్దు చేయండి. కార్డు అయితే బ్యాంకు యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం డబ్బు తీసుకునే 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని వదిలేయకండి, అదే రద్దు చేసుకునే సమయం. చేరడానికి ఒక్క నొక్కు, మానడానికి పది మెలికలు పెట్టే యాప్‌లూ ఉన్నాయి. ఇలా చందాలో ఇరికించడాన్ని 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుడు పద్ధతుల జాబితాలో చేర్చింది. అలాంటిది ఎదురైతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.

ఇక షేర్ల మాట. జనం ఎగబడి చూడటం వేరు, వాటాదారుడికి లాభం రావడం వేరు. 2022 ఏప్రిల్‌లో, మూడు నెలల్లో 2 లక్షల మంది చందాదారులు తగ్గారని చెప్పగానే నెట్‌ఫ్లిక్స్ షేరు ఒక్క రోజులో 35 శాతం పడింది. 2024 జనవరిలో సోనీతో విలీనం రద్దయిందన్న వార్తకు జీ షేరు ఒక్క రోజులో సుమారు 30 శాతం పోయింది. మీ ఇంట్లో నడిచే వాటిలో చాలావాటి షేర్లు విడిగా దొరకవు కూడా. ప్రైమ్ వీడియో కావాలంటే మొత్తం అమెజాన్‌ని కొనాలి. ఆ 50,000 దేనికోసం దాచారో మీరు రాయలేదు. రెండు మూడేళ్లలో అబ్బాయి పీజీకో అమ్మాయి కాలేజీకో కావాల్సినదైతే షేర్ల జోలికే వెళ్లొద్దు, బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. పదేళ్లు అక్కర్లేని డబ్బయితే ఒక ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి సూచీలో ఉన్న కంపెనీలన్నిటి షేర్లూ కలిపి కొనే ఫండ్) నెలకు కొంత చొప్పున వేయండి. ఏ ఓటీటీ మిగులుతుందో ఊహించాల్సిన పని ఉండదు.

అత్తమామల ఈటీవీ విన్ గడువు ఎప్పటికో ఇవాళే చూసి క్యాలెండర్ మీద రాసిపెట్టండి. మిగతావి ఒక నెల ఆగినా ఎవరూ అడగరేమో గానీ, సీరియల్ ఒక్క రోజు ఆగితే పెద్దవాళ్లకు తోచదు.