పరీక్షల మీద పీజీ చేయాలనుకుంటున్న మా చిన్నికి

చిన్నీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ కూతురు మళ్ళీ చదువుకుంటుందటక్కా, ఈసారి పరీక్షలు పెట్టడం మీదట. దానికీ ఒక పీజీ ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందని చెప్పాను. ఆ మాట వినగానే నాకెంత సంతోషమైందో మీ అమ్మకు చెప్పలేకపోయాను. ఫోన్లో అయితే సగం మాటలు మధ్యలోనే పోతాయి, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నిన్ను ఒక్కటి అడుగుతాను. ఎందుకు చదవాలనుకుంటున్నావు? ముందుముందు డైట్ (టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థ) లెక్చరర్ పోస్టు మీద ఆశ ఉంటే ఎం.ఎడ్. చేయి. నోటిఫికేషన్లలో అడిగేదీ అదే. అందులో తప్పేమీ లేదు. మదింపు మీద, అంటే పిల్లలకు ఎంత వచ్చిందో కొలవడం మీద, ప్రత్యేకంగా చదవాలంటే మాత్రం మనసులో ఏదో ఒక ప్రశ్న తొలుస్తూ ఉండాలి. అది లేకపోతే రెండో సెమిస్టర్‌కల్లా ఆ స్టాటిస్టిక్స్ అంతా ఎందుకు నేర్చుకుంటున్నామో అర్థం కాక విసుగొస్తుంది. నా ప్రశ్న నాకెలా దొరికిందో చెప్తాను.

ఎనిమిదో తరగతికి యూనిట్ టెస్టు పెట్టాను. అందులో ఒక లెక్క: "ఒక చీర ప్రకటన వెల 400 రూపాయలు. వర్తకుడు 15 శాతం ముదరా ఇచ్చిన, దాని అమ్మకపు వెల ఎంత?" వెనక బెంచీలో కూర్చునే ఒకమ్మాయి ఆ లెక్కను ముట్టుకోలేదు. వాళ్ళమ్మ సంతలో గాజులు, రిబ్బన్లు అమ్మేది. సంత రోజు డబ్బులు లెక్క చూసేది ఈ పిల్లే. పేపర్లు ఇచ్చేటప్పుడు దగ్గరికి పిలిచి "శాతాలు రావా నీకు?" అన్నాను. తల దించుకుని ఆ మాట మీద వేలు పెట్టింది.

"ముదరా అంటే ఏంది టీచర్?"

"డిస్కౌంట్ అమ్మా, తగ్గింపు."

పిల్ల పెదాలు కదిలాయి. "పదికి నలభై, ఐదుకు ఇరవై. అరవై పోతే మూడొందల నలభై." పెన్ను కూడా పట్టుకోలేదు.

నేను వేసిన సున్నా ఆ పేపరు మీద ఎర్రగా కనిపిస్తూనే ఉంది. ఈ పిల్లకు శాతాలు రావని చెబుతోంది ఆ సున్నా. అది నిజం కాదు. శాతాలు కొలుద్దామని పెట్టిన లెక్క ఒక పుస్తకం మాట తెలుసా లేదా అన్నదాన్ని కొలిచింది. బి.ఎడ్.లో మనందరం సప్రమాణత (పరీక్ష కొలవాల్సినదాన్నే కొలవడం) అంటే ఏమిటో నాలుగు వాక్యాల్లో బట్టీ పట్టి రాసినవాళ్ళమే. దాని అర్థం నాకు ఆ రోజు ఆ పిల్ల వేలు చూసి తెలిసింది. అప్పటికి నా సర్వీసు పదకొండేళ్ళు. అంతకు ముందు అలాంటి సున్నాలు ఎన్ని వేశానో అన్న బాధ నన్ను ఇంకా వదల్లేదు. నలభై దాటాక మళ్ళీ చదువుకోవడానికి వెళ్ళింది ఆ బాధతోనే.

నీకూ అలాంటిదేదో ఒకటి ఉండి ఉంటుంది. గుర్తు తెచ్చుకుని రెండు పేజీల్లో రాసి పెట్టుకో. ఎక్కడ అప్లై చేసినా ఎందుకు చేరాలనుకుంటున్నావని అడుగుతారు. "నాకు విద్యారంగమంటే ఆసక్తి" అని రాసినవాళ్ళు వందల్లో ఉంటారు. ఒక పిల్ల గురించి, ఒక ప్రశ్న గురించి రాసినవాళ్ళు చాలా తక్కువ.

అప్లికేషన్ కంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. నీ తరగతిలో జరిగిన ఒక పరీక్షను నువ్వే పరీక్షించు. తరగతిలో 37 మంది అన్నావు కదా, ఎస్.ఏ.-1 (ఏడాది మధ్యలో పెట్టే పెద్ద పరీక్ష) పేపర్ల కట్ట తీసుకో. ఎక్సెల్‌లో అడ్డంగా ప్రశ్నలు, నిలువుగా పిల్లలు. ముందు బిట్లతో మొదలుపెట్టు: ఒప్పయితే 1, తప్పయితే 0. మొత్తం మార్కుల ప్రకారం పైనుంచి కిందకు పేర్చు. పైన 27 శాతం, కింద 27 శాతం తీసుకోవడం పాత పద్ధతి. నీ తరగతికి పైన పదిమంది, కింద పదిమంది అవుతారు. ఒక ప్రశ్నకు 37 మందిలో 14 మంది సరిగ్గా రాస్తే, 14ను 37తో భాగించు, దాని కఠినతా స్థాయి 0.38. పై పదిమందిలో 8 మంది, కింది పదిమందిలో 3 మంది రాస్తే తేడా 5, పదితో భాగిస్తే విచక్షణా శక్తి 0.5. మంచి ప్రశ్న అది, వచ్చినవాళ్ళనూ రానివాళ్ళనూ విడదీస్తోంది.

ఎక్కడో ఒకచోట నీకు మైనస్ వస్తుంది. పైవాళ్ళలో ముగ్గురే రాసి, కిందివాళ్ళలో ఆరుగురు రాసిన ప్రశ్న. అక్కడ ఆగు. కీ తప్పయి ఉండొచ్చు. ప్రశ్నకు రెండర్థాలు ఉండొచ్చు. బాగా చదివేవాళ్ళు లోతుగా ఆలోచించి వేరే జవాబు పెట్టి ఉండొచ్చు. బాగా చదివేవాళ్ళలో అది తప్పు రాసిన ముగ్గురు నలుగురిని పిలిచి ఎందుకలా రాశారో అడుగు. 37 మందితో వచ్చే అంకెలు గట్టివేమీ కావు, ఇద్దరు పిల్లలు అటూ ఇటూ అయితే మారిపోతాయి. అయినా ఆ పట్టిక ముందు రెండు సాయంత్రాలు కూర్చుని నీకు హుషారొస్తే ఈ చదువు నీదే. తలనొప్పి వస్తే మాత్రం ఇంకో ఏడాది ఆగి చూడు.

స్పాట్ వాల్యుయేషన్‌కు నువ్వింకా వెళ్ళలేదు, వెళ్తావు. నేను చాలా ఏళ్ళు వెళ్ళాను. ఏప్రిల్ ఎండ, రేకుల షెడ్డు, రోజుకు 40 పేపర్లు. ఒకసారి సాయంత్రం కట్ట కట్టబోతూ పొద్దున దిద్దిన పేపరొకటి మళ్ళీ చూశాను. అంతకు పది నిమిషాల ముందు దిద్దిన పేపర్లోనూ అదే తప్పు, అదే మెట్టు దగ్గర. పొద్దున 3 వేశాను, సాయంత్రం 1. రెండూ నా చేతి రాతే. వెంటనే సరిచేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు 1913లోనే ఈ సంగతి బయటపెట్టారని తర్వాత చదువుకున్నాను. ఒకే జామెట్రీ పేపరును వందమందికి పైగా టీచర్లతో దిద్దిస్తే మార్కులు 30 లోపు నుంచి 90 పైదాకా వచ్చాయి. లెక్కల్లోనే అంత తేడా ఉంటే తెలుగు వ్యాసాల సంగతి ఆలోచించు. ఈ కోర్సులో విశ్వసనీయత అని నీకు చెప్పేదంతా ఇదే. దాన్ని ఎలా లెక్కగట్టాలో, దిద్దేవాళ్ళకు ఎలా తర్ఫీదు ఇవ్వాలో, మార్కుల ప్రమాణాలు ఎంత వివరంగా రాసుకోవాలో నేర్పుతారు.

స్టాటిస్టిక్స్ గురించి టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసిన పిల్లవి, నీకేం భయం? సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం బాగా వస్తే మొదటి సెమిస్టర్ గడుస్తుంది. తర్వాత రిగ్రెషన్, ఆ తర్వాత ఐటమ్ రెస్పాన్స్ థియరీ, అంటే ప్రశ్న కష్టాన్నీ పిల్ల స్థాయినీ కలిపి లెక్కగట్టే పద్ధతి. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇప్పుడే లాప్‌టాప్‌లో వేసుకో. భయపడాల్సింది సూత్రం రాకపోవడానికి కాదు. సూత్రం వెనక ఏం ఊహించుకున్నారో అడగకుండా అంకె నమ్మేయడానికి.

2024 డీఎస్సీ గుర్తు తెచ్చుకో. ఎస్జీటీ (ప్రైమరీ టీచర్) పోస్టుకు రాసిన నీ స్నేహితురాలు "మా షిఫ్టు పేపరే కష్టంగా వచ్చింది పెద్దమ్మా" అని నా దగ్గర ఏడ్చింది. ఒకే పోస్టుకు వేర్వేరు షిఫ్టుల్లో వేర్వేరు పేపర్లు ఇస్తే, నార్మలైజేషన్ చేసి అందరినీ ఒక త్రాసులో తూస్తారు. అందరికీ ఆ మాట తెలుసు, లోపల జరిగేది తెలియదు. ఏ షిఫ్టుకు ఎవరెళ్ళారన్నది ఏ లెక్కా లేకుండా జరిగిందని పెట్టుకుని రెండు షిఫ్టుల వాళ్ళూ సగటున ఒకే స్థాయివాళ్ళని ముందు అనుకుంటారు. అప్పుడు మార్కుల్లో కనిపించే తేడాను పేపరు ఖాతాలో వేస్తారు. ఆ అనుకోవడం ఎంతవరకు సరైందో పరీక్షించడం ఒక శాస్త్రం. నువ్వు అది చదివి వస్తే, అలా ఏడ్చే పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పగలవు. ఇప్పుడు తెలుగులో అలా చెప్పేవాళ్ళు దాదాపు లేరు.

ఇక ఎక్కడ చదవాలి. ఎం.ఎడ్.లో ఇది ఒకటి రెండు పేపర్లకు మించదు, నీ డిసర్టేషన్ మాత్రం దీని మీద చేయొచ్చు. హైదరాబాద్ టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లోనూ బెంగుళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలోనూ ఎం.ఎ. ఎడ్యుకేషన్ ఉంది. పాఠశాలను పెద్ద చూపుతో చూడటం అక్కడ అలవాటవుతుంది. భాషా పరీక్షల మీద మనసుంటే మన ఇఫ్లూ (హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ)లో పరీక్షలు, మూల్యాంకనం కోసమే ఒక విభాగం ఉంది. విదేశాలంటే, ఆక్స్‌ఫర్డ్‌లో విద్యా మదింపు మీదే రెండేళ్ళ పార్ట్‌టైమ్ ఎం.ఎస్సీ. ఉంది. నార్వేలోని ఓస్లో యూనివర్సిటీలో విద్యా మాపనానికి ప్రత్యేక కేంద్రం ఉంది. కానీ అక్కడ ఫీజు లేదన్న పాత మాట నమ్మకు, యూరప్ బయటివాళ్ళకు 2023 నుంచి ఫీజు పెట్టారు. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ, ఆమ్‌హర్స్ట్‌లో ఈ రంగానికి మంచి పేరుంది. బయటికి వెళ్ళేదుంటే స్కాలర్‌షిప్ కాగితం చేతిలో పడ్డాకే కదులు. దీని కోసం మీ నాన్న పొలం మీద అప్పు తేవద్దు, నేను ఒప్పుకోను.

ఎక్కడికైనా సరే, పేరు చూడకముందు సిలబస్ చూడు. ప్రశ్నలు తయారుచేయించి, పిల్లలకు ఇచ్చి, వచ్చిన జవాబులతో విశ్లేషణ చేయిస్తారా? థియరీ చదివించి పరీక్ష పెట్టి పంపేస్తారా? నిన్ను చూసుకునే ప్రొఫెసర్ ఇంతకుముందు ఏ పరీక్ష మీద పనిచేశారు? పాత విద్యార్థులు ఇద్దరితో మాట్లాడు, ఈ సంగతులు వెబ్‌సైట్లో ఉండవు.

నీకు ప్రొబేషన్ నడుస్తోంది కదా, అది డిక్లేర్ అయ్యేదాకా తొందరపడకు. స్టడీ లీవుకు ఎంత సర్వీసు కావాలో, బాండ్ ఏం రాయాలో మీ హెచ్.ఎం.ను అడిగి డీఈఓ ఆఫీసులో కనుక్కో. దూరవిద్యలో చేరినా ముందు పర్మిషన్ కాగితం తీసుకో. తీసుకోకుండా చదివి, తర్వాత సర్వీస్ రిజిస్టర్లో ఎక్కించుకోలేక తిరిగినవాళ్ళను చూశాను. విదేశీ డిగ్రీ అయితే ఇక్కడ దాన్ని మన డిగ్రీతో సమానంగా గుర్తిస్తారో లేదో డబ్బు కట్టకముందే తేల్చుకో.

నేను నీ నుంచి అసలు కోరుకునేది డిసర్టేషన్ విషయంలో. ఎక్కడో తయారైన ప్రశ్నావళి తెచ్చి, తెలుగులోకి మార్చి, 200 మందితో నింపించి "గణనీయమైన తేడా కలదు" అని ముగించే పని చేయవద్దు. నీ దేవరకొండ తండాల పిల్లలున్నారు. ఇంట్లో లంబాడీ, ఆటల్లో తెలుగు. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, పక్క పేజీ తెలుగు. ఆ పిల్ల సైన్సు పరీక్షలో తప్పు రాస్తే ఏం రాలేదని అర్థం? సైన్సా, ఇంగ్లిషా, తెలుగా? ఒకే స్థాయి ఉన్న ఇద్దరు పిల్లల్లో తండా పిల్లకు మాత్రమే ఫలానా ప్రశ్న ఎక్కువ కష్టమైతే, ఆ ప్రశ్నను పట్టుకునే పద్ధతులున్నాయి. వాటిని నేర్చుకుని మన పేపర్ల మీద ప్రయోగించు. ఆ పని చేయడానికి నీకున్న వీలు ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్‌కు లేదు. రోజూ ఆ పిల్లలతో కూర్చునేది నువ్వు.

2024 డిసెంబర్ 4న జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ గురించి విన్నావు కదా, దేశమంతా పిల్లల చదువు స్థాయి చూసే సర్వే. మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు పెట్టారు. ఏ పిల్లకూ ర్యాంకు ఇవ్వడానికి కాదు, జిల్లా మొత్తం ఎక్కడుందో చూడటానికి. నువ్వు పెట్టే ఎఫ్.ఏ., అంటే తరగతిలో మధ్యమధ్య చేసే చిన్న మదింపు, రేపు ఏం చెప్పాలో తెలుసుకోవడానికి. పదో తరగతి పరీక్ష సర్టిఫికెట్ కోసం. మూడింటి పనీ వేరు, ఒకదాని పని ఇంకోదానితో చేయిస్తే చెడిపోతుంది. ఒక స్కూల్లో తనిఖీ వస్తోందని తెలిసి, ఎఫ్.ఏ. రిజిస్టర్ మొత్తం ఒక్క రాత్రిలో నింపడం కళ్ళారా చూశాను. స్లిప్ టెస్టు మార్కులు, ప్రాజెక్టు మార్కులు, అన్నీ. ఆ టీచర్లు సోమరులేం కాదు. పిల్లల కోసం పెట్టిన పరీక్షను పైవాళ్ళకు చూపించే కాగితంగా మారిస్తే అలాగే అవుతుంది. ఈ రంగంలోకి వచ్చి నువ్వు ఏదైనా ఫారం తయారుచేసే కుర్చీలో కూర్చుంటే, దాన్ని నింపే టీచర్ సాయంత్రం నాలుగున్నరకు బస్సు కోసం చూస్తుంటుందని గుర్తుపెట్టుకో.

ఉద్యోగం వదులుకోవద్దని నా మాట. చదివి మళ్ళీ బడికే రా. ఎస్సీఈఆర్టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) వర్క్‌షాపులకు పిలుస్తారు, డిప్యుటేషన్లుంటాయి, కావాలంటే పరీక్షల సంస్థల్లోనూ పని దొరుకుతుంది. కానీ ప్రశ్న రాసే చేతికి తరగతి గది దూరమైన కొద్దీ ముదరాలు పెరుగుతాయి.

సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు ఎస్.ఏ.-1 పేపర్ల కట్ట, లాప్‌టాప్ తెచ్చుకో. భోగి నాడు వంటలు మీ అమ్మ చూసుకుంటుంది. మనిద్దరం మధ్య గదిలో కూర్చుని పట్టిక వేద్దాం. మైనస్ వచ్చిన ప్రశ్న ఏదో నాకు ముందే చెప్పకు, ఆ పేపరు చూసి నేనే పట్టుకుంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ