ఫ్రాంచైజీ విభాగంలో ఉద్యోగం: చేరకముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అబ్బాయి విజయనగరంలో బీబీఏ పూర్తిచేశాడు. టీ దుకాణాల ఫ్రాంచైజీలు ఇచ్చే ఒక సంస్థ హైదరాబాద్‌లో ఉద్యోగం ఇస్తామంటోంది. ఎగ్జిబిషన్లలో స్టాల్ చూసుకోవాలి, ఫేస్‌బుక్, గూగుల్ ప్రకటనల ద్వారా వచ్చిన నంబర్లకు ఫోన్ చేసి మాట్లాడాలి. జీతం తక్కువ, ఫ్రాంచైజీ కుదిరినప్పుడల్లా ఇన్సెంటివ్ ఇస్తారట. ఐసెట్ రాసి ఎంబీఏ చేయమని నేను అంటున్నాను, ఉద్యోగంలోనే చేరతానని వాడు పట్టుబడుతున్నాడు. ఇది భవిష్యత్తు ఉన్న పనేనా, లేక బ్రోకర్ పనా?

జవాబు: రెండింటిలో ఏదైనా కావచ్చు. అది ఆ సంస్థను బట్టి ఉంటుంది. డబ్బు పట్టుకుని వచ్చిన మనిషికి ‘మీకు ఈ వ్యాపారం సరిపడదు’ అని చెప్పే స్వేచ్ఛ ఉద్యోగికి ఉన్న సంస్థ అయితే, మీ అబ్బాయి అయిదేళ్లలో మంచి మార్కెటింగ్ మనిషి అవుతాడు. వచ్చిన ప్రతి ఒక్కరి చేతా సంతకం పెట్టించమనే సంస్థ అయితే మీ అనుమానమే నిజమవుతుంది. అందుకే ఎంబీఏనా, ఉద్యోగమా అనే వాదన కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ పని ఎలా ఉంటుందో చూద్దాం.

ఫోనో, సబ్బో అమ్మినప్పుడు కొన్నవారికి నచ్చకపోతే పోయేది కొద్ది డబ్బే. ఫ్రాంచైజీ తీసుకునే మనిషి, అంటే సంస్థ పేరు, పద్ధతి వాడుకుంటూ సొంత డబ్బుతో దుకాణం పెట్టేవాడు, మాత్రం తన దగ్గర ఉన్నదంతా అందులో పెడతాడు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వరకు ఆలోచించండి. స్టాల్ ముందు ఆగి వివరాలు అడిగేది ఎవరు? సైన్యంలో పనిచేసి ఇంటికి వచ్చిన జవాను, గల్ఫ్‌లో కొన్నేళ్లు కష్టపడి తిరిగొచ్చిన ఉద్దానం యువకుడు, రిటైరైన ఉపాధ్యాయుడు. వారి చేతికి అంత మొత్తం ఒక్కసారే వస్తుంది. అది పోతే మళ్లీ కూడబెట్టే వయసు చాలామందికి ఉండదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని పనిచేసేవారికి, పెట్టుకోనివారికి ఉన్న తేడా మొదటి ఏడాది ఇన్సెంటివ్‌లో కనిపించదు. రెండో ఏడాది, తాను ఒప్పించిన దుకాణాలు తెరిచి ఉన్నాయా, మూతపడ్డాయా అన్నప్పుడు బయటపడుతుంది.

ఎగ్జిబిషన్ సంగతి చెబుతాను. ఢిల్లీ భారత్ మండపంలోనైనా, హైదరాబాద్ హైటెక్స్‌లోనైనా నిర్వాహకులు మామూలుగా ఇచ్చే చిన్న స్టాల్ 9 చదరపు మీటర్లు ఉంటుంది. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. గోడలు, తివాచీ, బల్ల, కుర్చీలు, లైట్లు వారే అమర్చి ఇచ్చేదాన్ని షెల్ స్కీమ్ అంటారు. ఖాళీ స్థలం మాత్రమే తీసుకుని సొంతంగా కట్టుకుంటే బేర్ స్పేస్. మూల మీద ఉండి రెండు వైపులా తెరిచి ఉన్న స్టాల్‌కు అద్దె ఎక్కువ. అద్దెతోనే ఖర్చు తీరదు. డిజైన్, బ్రోచర్లు, మనుషుల ప్రయాణం, బస అన్నీ కలుపుకోవాలి. ఇంత ఖర్చు పెట్టాక ‘వందల విజిటింగ్ కార్డులు వచ్చాయి’ అని సంబరపడే సంస్థలు చాలా ఉన్నాయి. నా దృష్టిలో ఆ లెక్కకు విలువ లేదు. మొత్తం ఖర్చును, గట్టి ఆసక్తితో కూర్చుని మాట్లాడినవారి సంఖ్యతో భాగించాలి. అప్పుడే స్టాల్ గిట్టిందో లేదో తెలుస్తుంది.

గట్టి ఆసక్తి ఉన్నవారిని గుర్తించడానికి నాలుగు ప్రశ్నలు చాలు. ఏ ఊళ్లో పెడతారు? స్థలం సొంతమా, అద్దెకు తీసుకోవాలా? పెట్టుబడి చేతిలో ఉందా, అప్పు తేవాలా? రోజూ దుకాణంలో ఎవరు కూర్చుంటారు? నాలుగోదానికి ‘ఎవరినైనా పెడతాం’ అని జవాబు వస్తే అక్కడ ఆగి ఆలోచించాలి. టీ దుకాణం తెల్లవారుజామున తెరుచుకుంటుంది. పాలు, సరుకు, గల్లాపెట్టె కనిపెట్టుకునే సొంత మనిషి లేకపోతే బోర్డు మీద ఎంత పెద్ద పేరున్నా నిలబడదు.

స్టాల్‌లో నిలబడే రోజుల కన్నా ముందు రెండు మూడు వారాలు, తర్వాతి వారం ముఖ్యం. అంతకుముందు ఆ ప్రాంతం నుంచి ఫోన్ చేసి అడిగినవారికి ముందే సమయం ఇచ్చి స్టాల్‌కు రప్పించాలి. అయిపోయాక ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ ఫోన్ చేయాలి. సందర్శకుడి సంచీలో చాలా కంపెనీల బ్రోచర్లు ఉంటాయి, వారం దాటితే ఎవరు ఏం చెప్పారో గుర్తుండదు. మాట్లాడిన వెంటనే కార్డు వెనక రెండు ముక్కలు రాసుకునే చిన్న అలవాటు ఉన్న ఉద్యోగి ఇక్కడ ఎంతో ముందుంటాడు.

ఇక ఆన్‌లైన్. ఆసక్తి ఉన్నవారి నంబర్లు సేకరించే ఫేస్‌బుక్ లీడ్ ప్రకటన నొక్కగానే పేరు, నంబరు ఫారంలో వాటంతట అవే నిండిపోతాయి. అందుకే నంబర్లు కుప్పలుగా, చవకగా వస్తాయి. మీ అబ్బాయి ఫోన్ చేస్తే ‘నేను ఎప్పుడు ఇచ్చాను?’ అనేవారూ అంతమంది ఉంటారు. ఆ ఫారంలోనే పెట్టుబడి ఎంత, ఏ ఊరు అని రెండు ప్రశ్నలు చేర్చితే నంబర్లు తగ్గుతాయి, మాట్లాడదగినవారు మిగులుతారు. గూగుల్‌లో ‘టీ ఫ్రాంచైజీ ఖర్చు’ అని తనంతట తాను వెతికిన మనిషి సంగతి వేరు. అతను అప్పటికే ఒక ఆలోచనలో ఉన్నాడు. కానీ అక్కడా జాగ్రత్త కావాలి. టీ దుకాణంలో ఉద్యోగం కోసం వెతికేవారు, దగ్గరలో టీ ఎక్కడ దొరుకుతుందో చూసేవారు కూడా అదే ప్రకటన నొక్కుతారు, ప్రతి నొక్కుకూ సంస్థ డబ్బు కడుతుంది. ‘ఉద్యోగాలు’, ‘జీతం’ వంటి మాటలతో వెతికేవారికి ప్రకటన కనిపించకుండా, వాటిని నెగెటివ్ కీవర్డ్స్‌గా పెట్టి ఆ ఖర్చు ఆపడం నేర్చుకోవాలి. చాలా సంస్థలు ఒక్కో నంబరుకు ఎంత ఖర్చయిందో చూసుకుంటాయి. ఒప్పందం కుదిరి, ఏడాది తర్వాత కూడా నడుస్తున్న ఒక్కో దుకాణానికి ఎంత ఖర్చయిందో లెక్క తీసేవాడు తర్వాత మేనేజర్ అవుతాడు.

ఆన్‌లైన్ పనిలో ఇంకో సగం ఉంది, కొత్తవారు దాన్ని పట్టించుకోరు. తెరిచిన ప్రతి దుకాణానికీ గూగుల్ మ్యాప్స్‌లో సరైన చోటు, ఫోన్ నంబరు, వేళలు ఉండాలి. రివ్యూలకు జవాబివ్వాలి. దుకాణం చుట్టూ నాలుగైదు కిలోమీటర్లలో ఉన్నవారికే కనిపించేలా ప్రకటనలు పెట్టాలి. ఫ్రాంచైజీ తీసుకున్నవారి దగ్గర మార్కెటింగ్ ఫీజు వసూలు చేసే సంస్థ దాన్ని ఈ పనికే ఖర్చు చేస్తోందా అన్నది పెద్ద తగాదా. మీ అబ్బాయికి వీలైతే ఈ సగంలో పని అడగమనండి. ఇది చేతికి వచ్చినవారిని ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, నగల దుకాణాలు కూడా పిలుస్తాయి.

ఇప్పుడు అసలు బరువైన విషయం. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979 నుంచి అమలుచేస్తున్న ఫ్రాంచైజీ నిబంధన ప్రకారం, సంతకానికో, డబ్బు చెల్లింపుకో కనీసం 14 రోజుల ముందు సంస్థ 23 అంశాల సమాచార పత్రం ఇవ్వాలి. ఇప్పుడు నడుపుతున్నవారి వివరాలతో పాటు, మానేసినవారి వివరాలు కూడా అందులో ఉండాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం వంటివే దిక్కు. అంటే ఇక్కడ ఫ్రాంచైజీ తీసుకునే మనిషికి చాలాసార్లు స్టాల్‌లో మీ అబ్బాయి చెప్పే మాటే సమాచార పత్రం. నెలకు ఇంత మిగులుతుందని వాట్సాప్‌లో రాసి పంపితే, తర్వాత తగాదా వస్తే అదే మీ అబ్బాయికీ సంస్థకూ చుట్టుకుంటుంది. తప్పుడు మాటలతో చేయించిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కాంట్రాక్టు చట్టం ఇస్తోంది.

ఒక లెక్క చూడండి. పేరు వాడుకున్నందుకు సంస్థకు కట్టే రాయల్టీ చాలావరకు అమ్మకాల మీద ఉంటుంది, లాభం మీద కాదు. నెలకు 2 లక్షల అమ్మకం, 5 శాతం రాయల్టీ అనుకుందాం. 10,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 1,800. నష్టం వచ్చిన నెలలో కూడా ఇది కట్టాల్సిందే. సిరిమానోత్సవం రోజు విజయనగరం కోట దగ్గరి జనాన్ని, రథసప్తమికి అరసవల్లి రద్దీని చూసి ఎవరైనా ఎక్కువ అద్దెకు ఒప్పుకోబోతుంటే, మామూలు మంగళవారం మధ్యాహ్నం ఎన్ని కప్పులు పోతాయో లెక్కపెట్టి రమ్మని చెప్పగలగాలి. అలా చెప్పడానికి ఊరు తెలిసినవాడు కావాలి. హైదరాబాద్ ఆఫీసులో కూర్చున్నవారికి లేని ఆ తెలివిడి బొబ్బిలి కుర్రవాడికి ఉంది. హిందీ వస్తే మంచిది. ఇచ్ఛాపురం, పలాస వైపు ఒడియా మాట్లాడగలిగితే ఇంకా మంచిది.

మోసాల గురించి కూడా అతనికి తెలిసి ఉండాలి, అడిగేవారికి చెప్పాల్సి వస్తుంది కాబట్టి. పెద్ద బ్రాండ్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ గుంజేవారు ఉన్నారు. మన దేశంలో డామినోస్ దుకాణాలను జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ తానే నడుపుతుంది, ఎవరికీ ఉప ఫ్రాంచైజీలు ఇవ్వదు. ఆ పేరుతో వచ్చే ఫోన్ మోసమే. అప్పటికే డబ్బు పంపినవారిని వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయమనాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మరి ఈ సంస్థను ఎలా తూచాలి? బ్రాండు పేరు ట్రేడ్ మార్కుగా రిజిస్టర్ అయిందా, దరఖాస్తు దగ్గరే ఉందా అన్నది ప్రభుత్వ ట్రేడ్ మార్క్స్ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండా చూడవచ్చు. ఆ తర్వాత ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగమనండి: గత రెండేళ్లలో ఎన్ని దుకాణాలు తెరిచారు, ఎన్ని మూశారు? మూసినవారితో మాట్లాడవచ్చా? ముఖం చిట్లించారంటే అదే జవాబు. అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష ఇంకొకటి. ఆ బ్రాండు దుకాణం విశాఖలోనో, విజయనగరంలోనో ఉంటే, యజమానిని అడిగి కొన్నాళ్లు తెరిచే వేళ నుంచి మూసే వేళ వరకు అక్కడే పనిచేయమనండి. ఎంత పాలు మిగిలిపోతున్నాయో, సరుకు సంస్థ దగ్గరే ఎంత ధరకు కొనాల్సి వస్తోందో కళ్లతో చూశాక, ఉద్యోగంలో చేరాలో వద్దో మీ అబ్బాయే మీకు చెబుతాడు.

చదువు సంగతి. ఐసెట్ ఏటా జరుగుతుంది, ఎక్కడికీ పోదు. రెండేళ్లు ఈ పని చేసి ఎంబీఏకు వెళ్లిన విద్యార్థికి మార్కెటింగ్ పాఠం అర్థమయ్యే తీరే వేరు. మీ కోరిక తప్పు కాదు, వాయిదా వేస్తే నష్టం లేదంటున్నాను. అయితే మంచి కళాశాలలో సీటు ఇప్పుడే చేతిలో ఉంటే మాత్రం వదలవద్దు, తక్కువ జీతం ఉద్యోగం తర్వాతైనా దొరుకుతుంది. ఈలోగా డిజిటల్ మార్కెటింగ్ కోర్సు అంటూ వేలకు వేలు కట్టకండి. గూగుల్ వారి స్కిల్‌షాప్‌లో ప్రకటనల పాఠాలు, సర్టిఫికెట్ ఉచితం. ఫేస్‌బుక్ సంస్థ మెటా వారి బ్లూప్రింట్‌లోనూ ఉచిత పాఠాలు ఉన్నాయి. వాటితో పాటు ఎక్సెల్ బాగా రావాలి. పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు, బొబ్బిలి వీణలు అమ్మేవారు ఎగ్జిబిషన్లకు వెళ్తుంటారు. వారి స్టాల్‌లో నాలుగు రోజులు సాయం చేసినా కొత్త మనిషితో మాట కలపడం అలవాటవుతుంది.

చేరాలనే నిర్ణయానికి వస్తే ఆఫర్ లెటర్‌లో మూడు చూడండి. ఇన్సెంటివ్ సంతకం రోజున ఇస్తారా, దుకాణం తెరిచాకా? ఫ్రాంచైజీ రద్దయితే ఇచ్చినది వెనక్కి తీసుకుంటారా? ఎగ్జిబిషన్ ప్రయాణం, బస ఖర్చు ఎవరిది? కొంత దుకాణం తెరిచాక, కొంత అది ఆరు నెలలు నడిచాక ఇచ్చే సంస్థ ఉంటే, చేతికి డబ్బు ఆలస్యంగా వచ్చినా నేను దాన్నే ఎంచుకోమంటాను. మొదటి ఫ్రాంచైజీ మీ ఇంట్లోవారో, బంధువులో తీసుకోవాలని షరతు పెట్టినా, ఉద్యోగానికి డిపాజిట్ అడిగినా మాత్రం ఇంకేమీ చూడకుండా మానేయమనండి.