చేత్తో చేసిన టేక్‌డౌన్ లాంగ్‌బో: ఎంత పెట్టాలి, ఎందుకు పెట్టాలి

మిర్యాలగూడ మిత్రులు అడిగింది ఇదీ: విప్పి సంచిలో పెట్టుకునే టేక్‌డౌన్ లాంగ్‌బో (పాతకాలపు పొడుగు విల్లు), ఫ్యాక్టరీది కాకుండా చేత్తో చేసింది కొనాలంటే ఎంతవుతుంది? 50 వేలు సరిపోతాయా? బయటి దేశం నుంచి తెప్పించుకుంటే మంచిదా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. మన దేశంలో చేయించుకుంటే 50 వేలల్లో విల్లు, బాణాలు, మిగతా సామాను అన్నీ వచ్చి కొంత మిగులుతుంది. అమెరికా నుంచి తెప్పిస్తే విల్లు ఒక్కటే ఇంటికొచ్చేసరికి లక్ష దాటుతుంది. అయితే అసలు మీకు టేక్‌డౌన్ అవసరమా అన్నది తేల్చుకోకుండా ఈ రెండిట్లో దేనికీ అడ్వాన్స్ కట్టొద్దని నా మాట.

నేనుండేది మహబూబ్‌నగర్. కొన్నేళ్లుగా లాంగ్‌బో వేస్తున్నాను. నాది రెండు ముక్కల విల్లు, కర్ణాటకలో ఒకాయన చేసిచ్చాడు. జడ్చర్లలో ఉండే నా స్నేహితుడు అమెరికా నుంచి మూడు ముక్కలది తెప్పించుకున్నాడు. ఆ పార్శిల్ కస్టమ్స్ దాటి ఇంటికి చేరేదాకా కాగితాల పనంతా ఇద్దరం కూర్చునే చేశాం. కాబట్టి రెండు దారుల్లోనూ డబ్బు ఎక్కడెక్కడ పోతుందో దగ్గరగా చూశాను.

అమెరికాలో పేరున్న చేతిపనివాళ్ల దగ్గర టేక్‌డౌన్ లాంగ్‌బో ఇంచుమించు 700 డాలర్ల దగ్గర మొదలై 1,200 దాకా పోతుంది. మంచి రంగు చారల కలప, జింక కొమ్ము ముక్కలతో కొసలు అంటూ పోతే ఇంకా పైకి పోతుంది. 800 డాలర్ల విల్లు అనుకుందాం. డాలరు 90 రూపాయల చొప్పున వేసుకుంటే 72 వేలు. పంపే ఖర్చు 120 డాలర్లనుకున్నా ఇంకో 11 వేలు. కస్టమ్స్ వాళ్లు సుంకం వేసేది విల్లు ధర మీద ఒక్కదాని మీదే కాదు. రవాణా, ఇన్సూరెన్స్ కూడా కలిపిన మొత్తం మీద వేస్తారు. ఆ సుంకం మీద సర్‌ఛార్జి, వీటన్నిటి మీదా ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్టీ. రేట్లు బడ్జెట్‌కో రకంగా మారుతుంటాయి కాబట్టి ఇంత శాతం అని ఇక్కడ రాయను. మొత్తానికి మూడో వంతు నుంచి సగం దాకా అదనంగా పోతుందని లెక్కేసి పక్కన పెట్టుకోండి. కొరియర్ వాడి క్లియరింగ్ ఛార్జీ వేరే. ఆధార్ కాపీ ఇచ్చి కేవైసీ పూర్తి చేసేదాకా పార్శిల్ కదలదు. మా వాడికైతే పార్శిల్ కదిలేదాకా ఒకటే టెన్షన్.

కలప విషయం కూడా ఇక్కడే చెప్పాలి. హ్యాండిల్‌కి రోజ్‌వుడ్ కావాలని చాలామంది అడుగుతారు. 2017 నుంచి రోజ్‌వుడ్ రకాలన్నీ సైటీస్ కిందికి వచ్చాయి, అంటే అరుదైన చెట్లు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం. దేశం దాటించేటప్పుడు ఆ కలపకి కాగితాలు అవసరమా లేదా అన్నది చేసేవాణ్ని ముందే అడిగి రాతలో తీసుకోండి. నన్నడిగితే హ్యాండిల్ కలప అందం కోసం ఐదారు వేలు ఎక్కువ పెట్టడం దండగ. బాణం వేగం హ్యాండిల్ చూసి రాదు, లింబ్స్ (హ్యాండిల్‌కి పైనా కిందా వంగే భాగాలు) చూసి వస్తుంది. బరువున్న గట్టి కలప ఏదైనా చాలు. బరువుంటే వదిలేటప్పుడు చెయ్యి కదలదు, అంతే.

ఇక మన దేశంలో. నా విల్లు 66 అంగుళాలు. అదే మనిషి అదే కొలతకి ఒకే ముక్కది 22 వేలు, రెండు ముక్కలది 29 వేలు చెప్పాడు. ఈ ఏడు వేల తేడా ఎందుకని అడిగాను. జవాబుగా పని జరుగుతున్నప్పుడు ఫొటోలు పంపాడు, వాటితోనే విషయం అర్థమైంది. లింబ్స్ పని రెండిటికీ ఒకటే: వెదురునో మేపుల్ కలపనో పలచని బద్దలుగా చీరి, కొసకి పోయేకొద్దీ సన్నబడేలా రుద్ది, ముందూ వెనకా ఫైబర్‌గ్లాస్ పెట్టి, ఎపాక్సీ జిగురు పూసి, అచ్చులో బిగించి, వేడి పెట్టెలో ఆరబెడతారు. ఆ తర్వాత పై లింబ్, కింది లింబ్ సమానంగా వంగేదాకా కొంచెం కొంచెం తీస్తూ సరిచేస్తారు. రోజుల తరబడి పట్టే పని ఇదే. టేక్‌డౌన్‌కి దీని మీద ఇంకో పని పడుతుంది. హ్యాండిల్ మధ్యలో ఒక ముక్క ఇంకో ముక్కలోకి దిగేలా ఫైబర్‌గ్లాస్ గొట్టమో, లోహపు గొట్టమో కూర్చాలి. లాగినప్పుడు ఆ భారమంతా వచ్చి పడేది సరిగ్గా అక్కడే. గొట్టం వెంట్రుకవాసి వదులైనా విల్లు కటకటమంటుంది, బిగుసుకుపోతే విప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి.

అందుకే టేక్‌డౌన్ చేతికి రాగానే ముందు ఈ కీలు చూడండి. రెండు ముక్కలూ పట్టుకుని నిదానంగా లోపలికి నెట్టాలి. సగం దాకా సులువుగా పోయి, తర్వాత లోపలి గాలి అడ్డుపడ్డట్టు మెత్తగా ఆగుతూ దిగితే మంచి కీలు. పూర్తిగా దిగాక రెండు చేతులతో పట్టుకుని గడియారం దిశలో ఒకసారి, తిరుగు దిశలో ఒకసారి మెలిపెట్టి చూడండి, ఏమాత్రం కదలకూడదు. స్ట్రింగ్ ఎక్కించాక కింది కొస దగ్గర కన్ను పెట్టి పైదాకా చూస్తే స్ట్రింగ్ రెండు లింబ్స్ నడుమ నుంచి తిన్నగా పోవాలి. ఒక పక్కకి జరిగిందంటే కీలు వంకరగా కూర్చుందో, లింబ్ మెలి తిరిగిందో. తర్వాత ఫైబర్‌గ్లాస్, కలప కలిసే అంచు వెంట గోరు పెట్టి కొస దాకా గీసుకుంటూ పోండి. గోరు ఎక్కడైనా తగులుకుంటే వెలుతురులో పెట్టి చూడండి. వెంట్రుకంత తెల్లగీత కనిపిస్తే అక్కడ జిగురు విడుతున్నట్టు. ఆ విల్లు వెనక్కి పంపేయాల్సిందే.

మూడు ముక్కలదాంట్లో గొట్టం ఉండదు. హ్యాండిల్ వేరు, రెండు లింబ్స్ వేరు, బోల్టులతో బిగించుకోవాలి. నాలుగైదు వేలు ఎక్కువే అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇదే లాభం అంటాను. కారణం బరువు. విల్లు లాగే బరువుని 28 అంగుళాల దగ్గర కొలిచి పౌండ్లలో చెప్తారు. రెండు ముక్కల విల్లు 45 పౌండ్లని చేయించుకున్నాక అది జీవితాంతం 45 పౌండ్లే. మూడు ముక్కలదైతే ఇప్పుడు 30 పౌండ్ల లింబ్స్‌తో మొదలుపెట్టి, భుజం పట్టుకున్నాక లింబ్స్ మాత్రమే మార్చుకోవచ్చు. లింబ్స్ జత ఒక్కటీ మొత్తం విల్లు ధరలో సగం దాకా పడుతుంది. కొత్త విల్లు కొనడం కన్నా చవకే కదా.

మన దగ్గర ఎవరికైనా విల్లు అనగానే బాహుబలి గుర్తొస్తుంది, 50 పౌండ్లకి తక్కువ అడగడానికి నామోషీ. జిమ్‌లో ఎంత బరువెత్తినా విల్లు లాగే కండరం వేరు, అది వీపులో ఉంటుంది. మొదటి విల్లు 30, 35 పౌండ్లు దాటనివ్వకండి. మీ చేతి కొలత కూడా ముందే చూసుకోండి: రెండు చేతులూ బారెడు చాపి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా కొలిచి, రెండున్నరతో భాగిస్తే మీరు ఎంత పొడవు లాగుతారో సుమారుగా వస్తుంది. 170 సెంటీమీటర్ల బార ఉంటే 68 సెంటీమీటర్లు, దాదాపు 27 అంగుళాలు. అంటే 35 పౌండ్లని రాసి ఉన్న విల్లు మీ చేతిలో రెండు, మూడు పౌండ్లు తక్కువే లాగుతుంది.

విల్లు కాక అయ్యే ఖర్చు చాలామంది మర్చిపోతారు. కార్బన్ బాణం ఒక్కోటి నాకు 500 నుంచి 900 దాకా పడింది, డజను లేకుండా పని కాదు. లాంగ్‌బోకి ఈకలున్న బాణాలే తీసుకోండి. ఇందులో బాణం హ్యాండిల్ అంచునే ఆనుకుని పోతుంది, ప్లాస్టిక్ రెక్కలైతే ఆ అంచుకి తగిలి పక్కకి కొడుతుంది. ఈక అయితే తగలగానే అణిగిపోతుంది. వేళ్లకి తొడుగు, ముంజేతికి గార్డు, స్ట్రింగ్ ఎక్కించే తాడు, ఇంకో స్ట్రింగ్, సంచి, బాణాలతో సహా అన్నీ కలిపి 12 నుంచి 15 వేలు అనుకోండి. తాడు లేకుండా కాలు అడ్డం పెట్టి స్ట్రింగ్ ఎక్కించే అలవాటు చేసుకోకండి, లింబ్ మెలి తిరిగేది అక్కడే. గురికి మాత్రం పైసా పెట్టకండి. గోనె సంచిలో పాత చీరలు, పాత బట్టలు కాలితో తొక్కి తొక్కి కుక్కితే ఏళ్ల తరబడి ఆగుతుంది. మీది వరి ప్రాంతం, గడ్డికి కొదవ లేదు, గట్టిగా కట్టిన గడ్డి మోపు కూడా పనికొస్తుంది. వెనకాల మట్టి కట్టో, ఎత్తైన గట్టో ఉండాలి. మా చెల్కల్లో గురి తప్పిన బాణం రాయికి తగిలి చీలుతుంది. కార్బన్ బాణం కొంచెం చీలినా మళ్లీ వేయొద్దు, వదిలేటప్పుడు విరిగి చేతిలో దిగుతుంది. వేసే ముందు ప్రతిదాన్నీ కొంచెం వంచి చెవి దగ్గర పెట్టుకుని చిటపట వినిపిస్తుందేమో చూస్తాను.

మళ్లీ మొదటి మాటకొస్తే, టేక్‌డౌన్ ఎవరికి కావాలి? నేను ఆదివారాలు ఊరి బయట మామిడి తోటకి బైక్ మీద పోతాను. ఐదున్నర అడుగుల విల్లు బైక్ మీద ఎట్లా పట్టుకోవాలి? ఆర్టీసీ బస్సులో అయితే కండక్టర్‌తో పాటు బస్సంతా ప్రశ్నలే. రెండు ముక్కలైతే మూడడుగుల సంచిలో పడుకుంటుంది, ఎవరూ అడగరు. ఇది నాకు ఆ ఏడు వేల విలువ చేసింది. అదే మీకు ఇంటి వెనకే పొలం ఉండి, విల్లు గడప దాటనిదైతే ఒకే ముక్కది తీసుకోండి. బరువు తక్కువ, కీలు గొడవ లేదు, వదిలినప్పుడు చేతికి హాయిగా ఉంటుంది. ఆ మిగిలిన డబ్బు బాణాలకి పెట్టండి.

ఇంట్లో పిల్లల్ని పోటీలకి పంపాలన్న ఆలోచన ఉంటే లాంగ్‌బో జోలికే పోవద్దు. మన జాతీయ పోటీల్లో ముఖ్యంగా నడిచేవి రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు), కాంపౌండ్ (కప్పీలున్న విల్లు), ఇండియన్ రౌండ్. ఇండియన్ రౌండ్‌కి దేశవాళీ వెదురు విల్లు సరిపోతుంది, కొన్ని వేలల్లో దొరుకుతుంది. విజయవాడ జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు బంగారు పతకాలు కొట్టింది కాంపౌండ్‌తో. అది వేరే లోకం, దాని ఖర్చు లక్షల్లో ఉంటుంది.

ఇంకో ప్రశ్న నన్ను ఊళ్లో రైతులు కూడా అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా: దీంతో అడవి పందిని కొట్టొచ్చా అని. వద్దు. 1972 వన్యప్రాణి చట్టం తుపాకీకీ విల్లుకీ తేడా చూడదు. శ్రీశైలం పోయేటప్పుడు కారు డిక్కీలో విల్లు వేసుకుపోవడం కూడా మంచిది కాదు. ఆ దారి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా పోతుంది, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర సంచి విప్పమంటే ఆటకోసం అని నమ్మించడం మీ తిప్పలు.

డిక్కీ అంటే గుర్తొచ్చింది, మన ఎండలు. నల్లగొండలో మే నెలలో 44 డిగ్రీలు కొత్త కాదు, ఎండలో నిలిపిన కారు లోపల అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. ఆ వేడికి ఎపాక్సీ మెత్తబడి లింబ్ పొరలు విడిపోతాయి. ఇట్లా పోయినదానికి చేసినవాళ్లు గ్యారంటీ ఇవ్వరు. ఎండాకాలంలో ఇంట్లో నీడపట్టున, స్ట్రింగ్ దించి అడ్డంగా పెట్టండి. గోడకి ఆనించి నిలబెడితే నెలల తర్వాత వంకర తిరుగుతుంది.

అడ్వాన్స్ కట్టే ముందు చేసేవాణ్ని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సగం డబ్బు ముందు కట్టించుకోవడం ఈ పనిలో మామూలే, అందులో అనుమానపడాల్సిందేం లేదు. లింబ్ పగిలితే ఎన్నాళ్ల వరకు మార్చిస్తాడు, పంపే ఖర్చు ఎవరిది, ఫాస్ట్‌ఫ్లైట్ స్ట్రింగ్ (అంతగా సాగనిది) వేయొచ్చా లేక డాక్రాన్ (కొంచెం సాగేది) మాత్రమేనా, తక్కువలో తక్కువ ఎంత బరువు బాణం వాడాలి, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. మరీ తేలిక బాణం వేస్తే ఖాళీ విల్లు లాగి వదిలినంత దెబ్బ. బాణం బరువుని గ్రెయిన్లలో చెప్తారు, 40 పౌండ్ల విల్లుకి 360, 400 గ్రెయిన్ల బాణం ఉంటే భయం లేదు. చెప్పిన తేదీ మీద నెల, రెండు నెలలు కలుపుకోండి. నాది వానాకాలంలో పడింది, కలపలో తేమ దిగేదాకా ఆగాలన్నాడు, ఆగాను.

50 వేలూ చేతిలో ఉండి ఇంతకుముందు ఎప్పుడూ విల్లు పట్టకపోతే నేనైతే ఇట్లా చేస్తాను: ముందు ఫ్యాక్టరీలో చేసిన మూడు ముక్కల టేక్‌డౌన్ రికర్వ్ 30 పౌండ్లది తీసుకుని ఒక ఏడాది వేస్తాను. 15 వేల చుట్టుపక్కల వస్తుంది, వద్దనుకుంటే కొనేవాళ్లూ దొరుకుతారు. ఏడాది తర్వాత కూడా ఆదివారం పొద్దున లేవగానే తోటకే పోవాలనిపిస్తే, అప్పుడు మీ లాగే కొలత, బరువు కచ్చితంగా తెలిసి ఉంటాయి కాబట్టి మిగిలిన డబ్బుకి ఆ రికర్వ్ అమ్మగా వచ్చింది కలిపి చేత్తో చేసినది ఆర్డర్ పెట్టండి. బాణాలు, గార్డు, తొడుగు ఎట్లాగూ పాతవే పనికొస్తాయి. కాకపోతే విల్లు బరువు మారితే బాణాల గట్టిదనం సరిపోతుందో లేదో ఆ చేసేవాణ్నే అడగండి.