చెవిలో చిక్కిన గాలికి దారి

ప్రశ్న: నేను పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో పాడే ఆర్కెస్ట్రాలో గాయనిని. కొంతకాలంగా వేదిక మీద ఇన్-ఇయర్ మానిటర్లు, అంటే పాటా వాద్యాలూ వినడానికి చెవిలో బిగించుకునే ఇయర్‌ఫోన్లు, వాడుతున్నాను. గంట పాడేసరికి చెవులు దిబ్బళ్లు వేసినట్టవుతున్నాయి. నా గొంతు నాకే కుండలోంచి వస్తున్నట్టు వినిపిస్తోంది. ఒత్తిడి తగ్గించే ఏర్పాటున్న ఖరీదైన మానిటర్లు కొంటే ఈ బాధ తీరుతుందా?
– ఒక గాయని, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రాసినవి రెండు వేర్వేరు ఇబ్బందులు. వాటికి కారణాలూ వేరే, కాబట్టి విడివిడిగా చూడాలి.

మొదటిది దిబ్బడ. పెద్దవాళ్లలో చెవి కాలువ పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. మానిటరు మొనకుండే మెత్తని సిలికాన్ టిప్పును లోపలికి నెట్టినప్పుడు, టిప్పుకూ కర్ణభేరికీ మధ్య మిగిలిన కొద్దిపాటి గాలి బయటికి పోయే దారి లేక నొక్కుకుపోయి, ఆ ఒత్తిడంతా కర్ణభేరి మీద పడుతుంది. ఆవులించినా గుటక వేసినా ఇది పోదు. అప్పుడు తెరుచుకునే నాళం కర్ణభేరికి అవతల ఉన్న మధ్య చెవికి గాలినిస్తుందే తప్ప, ఇవతల కాలువలో చిక్కుకున్న గాలిని ఏమీ చేయలేదు. స్కూబా డైవర్లను చెవిలో ప్లగ్గులు పెట్టుకోవద్దని చెప్పడానికీ ఇదే కారణం. మానిటరు గోడలో సన్నని వెంట్, అంటే గాలి రంధ్రం, ఉంటే ఈ దిబ్బడ చాలావరకు తగ్గుతుంది. వెంట్ లేని మానిటరునైనా పెట్టుకొనే తీరు మార్చుకుంటే కొంత ఉపశమనం ఉంటుంది. రెండో చేత్తో చెవి దొప్పను పైకీ వెనక్కీ లాగి పట్టుకొని, టిప్పును మెల్లగా తిప్పుతూ లోపలికి పంపండి. తీసేటప్పుడు కూడా ఒక్కసారిగా లాగకుండా, ముందు కాస్త తిప్పి, గాలి లోపలికి చొరబడ్డాక తీయండి.

రెండోది మీ గొంతు మోత. పాడుతున్నప్పుడు దవడ, పుర్రె ఎముకల ద్వారా వచ్చే కంపనాలు చెవి కాలువ గోడలను కదిలిస్తాయి. చెవి తెరిచి ఉంటే ఆ మంద్రధ్వని బయటికి పోతుంది. మూసి ఉంటే లోపలే ఉండిపోయి, కొన్ని సందర్భాల్లో 20 డెసిబెల్ల వరకు పెరుగుతుంది. వెంట్ దీన్ని కొద్దిగానే తగ్గిస్తుంది. చెవి అచ్చు తీయించి, కాలువలో ఎముక మొదలయ్యే లోపలి మలుపు దాకా వెళ్లేలా మానిటరు చేయించుకుంటే ఎక్కువ ఫలితం కనిపిస్తుంది. మీరు పాడేవారు కనుక, డబ్బు ఖర్చు పెట్టేటట్లయితే ముందు అచ్చుకే పెట్టమంటాను.

ప్రశ్న: ఇన్-ఇయర్ మానిటర్లలో చెవిపై ఒత్తిడి తగ్గించే ఒకే రకమైన పరిజ్ఞానానికి ఒక కంపెనీ అడెల్ అని, మరొకటి ఎపెక్స్ అని, ఇంకొకటి ఆటమ్ అని పేర్లు పెట్టి, ప్రతిదీ తనదే గొప్పని చెబుతోంది. అసలు ఎవరిది ముందు? వీటిలో నిజమైన తేడా ఉందా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఈ మూడింటిలో ముందు వచ్చినది అడెల్. ఇన్-ఇయర్ మానిటర్ల తొలి రూపకర్తల్లో ఒకరైన స్టీఫెన్ ఆంబ్రోస్ తన ఏషియస్ టెక్నాలజీస్ సంస్థలో దీన్ని రూపొందించారు. ఆయన బృందం 2011లో లండన్‌లో జరిగిన ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో ఒక పత్రం సమర్పించింది. మూసిన చెవి కాలువలో స్పీకరు కదలిక వల్ల గాలి ఒత్తిడి హెచ్చుతగ్గులు విపరీతంగా పెరుగుతాయని, దానికి మధ్య చెవిలోని చిన్న కండరం బిగుసుకొని వినికిడిని తగ్గిస్తుందని, శ్రోత అది తెలియక వాల్యూమ్ ఇంకా పెంచుతాడని వారి వాదన. అందుకే కర్ణభేరికి బదులుగా ఆ ఒత్తిడిని తాను భరించే పలుచని సాగే పొరను మానిటరులో అమర్చారు.

2014లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, వాంకూవర్ నగరానికి చెందిన 1964 ఇయర్స్ అనే సంస్థ ఆంబ్రోస్‌తో చేతులు కలిపి, కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర నిధులు సేకరించి అడెల్ మానిటర్లను తెచ్చింది. ఆ సంస్థే తర్వాత 64 ఆడియోగా పేరు మార్చుకుంది. సుమారు రెండేళ్లకే దారులు వేరయ్యాయి. 2016లో 64 ఆడియో తన సొంత ఎపెక్స్ మాడ్యూళ్లను విడుదల చేసింది. ఇందులో సాగే పొర లేదు. మానిటరు పైభాగాన ఉన్న గుంటలో బిగించే చిన్న బిరడా లాంటి మాడ్యూల్లోని నురుగు పదార్థం గుండా గాలి మెల్లగా బయటికి పోతుంది. ఆ తర్వాత 64 ఆడియో సహవ్యవస్థాపకుడు బోగ్దాన్ బెలొనోజ్కో బయటికి వచ్చి, అదే నగరంలో ఫిర్ ఆడియో పెట్టి, ఆటమ్ పేరుతో తన వెంట్ మాడ్యూళ్లను తెచ్చారు. ఒకే ఊళ్లో, ఒకప్పుడు ఒకే బల్ల దగ్గర కూర్చున్నవారి మధ్య పోటీ కాబట్టి ప్రకటనల్లో ఆ పట్టుదల కనిపిస్తుంది.

గాలికి దారి ఇవ్వడమన్న ఆలోచన మాత్రం వీరెవరితోనూ పుట్టలేదు. వినికిడి యంత్రాల అచ్చుల్లో ఆడియాలజిస్టులు, అంటే వినికిడి నిపుణులు, దశాబ్దాలుగా వెంట్‌లు పెడుతున్నారు. సాధారణ ఇయర్‌ఫోన్లలోనూ సూదిమొనంత రంధ్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. 2019లో వచ్చిన ఎయిర్‌పాడ్స్ ప్రోలో కూడా ఒత్తిడిని సమం చేసే వెంట్ ఉందని ఆపిల్ ప్రకటించింది. ఒత్తిడిని ఒక పెద్ద సమస్యగా తీసుకొని పరిశోధించినందుకు ఆంబ్రోస్‌కూ, వెంట్‌ను మార్చుకోగల విడిభాగంగా స్థిరపరచినందుకు 64 ఆడియోకూ గౌరవం దక్కాలని నా అభిప్రాయం.

కొనేవారు పేరును కాక ఒక అంకెను చూడాలి. ఎపెక్స్‌లో ఎమ్20 మాడ్యూల్ బయటి శబ్దాన్ని సుమారు 20 డెసిబెల్లు, ఎమ్15 సుమారు 15, ఎమ్ఎక్స్ సుమారు 10 తగ్గిస్తాయని కంపెనీ చెబుతోంది. వెంట్ ఎంత తెరుచుకుంటే చెవికి అంత హాయి, బయటి శబ్దానికి అంత అడ్డు తక్కువ, లోతైన బేస్ కూడా అంత పలచన. వేలెడంత లేని డ్రైవరు, అంటే మానిటరు లోపలి బుల్లి స్పీకరు, 20 హెర్ట్జ్ దాకా మంద్రధ్వనిని పలికించగలగడానికి కారణం కాలువ బిగుతుగా మూసుకొని ఉండడమే కనుక, ఈ మూడూ ఒకేసారి ఏ కంపెనీ పేరూ ఇవ్వలేదు.

ప్రశ్న: ఒత్తిడి తగ్గించే మానిటరు వాడితే ఎంత సౌండ్ పెట్టుకున్నా చెవి పాడవదని మా బ్యాండ్ మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?
– ఒక డ్రమ్మర్, విశాఖపట్నం

జవాబు: నిజం కాదు. దయచేసి ఆ మాట నమ్మి వాల్యూమ్ పెంచకండి. లోపలి చెవిలోని సన్నని కేశ కణాలను దెబ్బతీసేది శబ్ద తీవ్రత, అది ఎంతసేపు ఉందన్నది. ఒకసారి పోయిన ఆ కణాలు మనుషుల్లో మళ్లీ పుట్టవు. వారానికి 80 డెసిబెల్ల దగ్గర 40 గంటలకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90కి చేరితే ఆ పరిమితి వారానికి 4 గంటలే. పై జవాబులో చెప్పిన ఏషియస్ వాదన పూర్తిగా సరైనదే అనుకున్నా, దాని మేలు శ్రోత వాల్యూమ్ తగ్గించినప్పుడే దక్కుతుంది.

మీకు ఇంకో ప్రమాదం ఉంది. ఎక్కువ తెరిచిన మాడ్యూల్ పెట్టుకొని డ్రమ్స్ వెనక కూర్చుంటే, స్నేర్ డ్రమ్ మోత నేరుగా లోపలికి వచ్చి, దాన్ని దాటడానికి మీరు మానిటర్‌లో వినిపించే శబ్దాన్ని పెంచమంటారు. వేదిక మీద తక్కువ తెరిచినదాన్ని వాడి, ఎక్కువ తెరిచినదాన్ని ఇంట్లో నెమ్మదైన వినికిడికి ఉంచుకోండి.

ప్రశ్న: నా ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోగానే చిటపటమని చిన్న శబ్దం వస్తోంది. ఒక పక్క బేస్ కూడా తగ్గింది. పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ చిటపట సాధారణంగా లోపలికి నెట్టిన గాలి వల్ల డయాఫ్రమ్, అంటే కదులుతూ శబ్దం పుట్టించే పలుచని పొర, వంగి తిరిగి లేవడం. మెల్లగా పెట్టుకుంటే తగ్గుతుంది. బేస్ తగ్గడానికి ముందుగా ఆ వైపు టిప్పు చెవికి సరిగ్గా అతుకుతోందో లేదో చూసి, ఒక సైజు పెద్దది వేసి వినండి. అప్పటికీ మారకపోతే గొట్టం మొన దగ్గరున్న జాలీనీ, వెనకవైపు రంధ్రాన్నీ వెలుతురులో పరిశీలించండి. జాలీకి గుబిలి అడ్డుపడితే మొత్తం శబ్దమే సన్నగిల్లుతుంది, వెనక రంధ్రం మూసుకుపోతే డయాఫ్రమ్ వెనక గాలి బిగిసి బేస్ తగ్గుతుంది. జాలీని కిందికి వంచి పట్టుకొని పొడి మెత్తని బ్రష్‌తో దులపండి. సూది, పిన్నీసు గుచ్చకండి, నోటితో ఊదకండి.